శాంటోరినీ జనం మా వల్ల కాదు. అమ్మానాన్నలతో వెళ్ళి ఊరికే కూర్చోగలిగే చిన్న గ్రీకు ద్వీపం ఏదైనా ఉందా?

జర్మనీలో ఉంటున్నాం, సెప్టెంబరులో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఇద్దరూ శాకాహారులు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి అని మీరు రాశారు. చదువుతుంటే మా ఇంటి సంగతే ఎవరో రాసినట్టనిపించింది. 2024 సెప్టెంబరులో మేం నలుగురం ఇదే లెక్కతో వెతికి టీలోస్ అనే ద్వీపానికి వెళ్ళాం. వెళ్ళమనే చెప్తాను, కానీ ఒక్క షరతు ఉంది. అది చివర్లో చెప్తాను, ఎందుకంటే ఆ షరతు తెలియకే మాకు నాలుగు విమానం టికెట్లు పోయాయి.

టీలోస్ రోడ్స్‌కీ కోస్‌కీ మధ్యలో, టర్కీ తీరానికి దగ్గర్లో ఉంటుంది. విమానాశ్రయం లేదు. స్థిరంగా ఉండే జనం ఎనిమిది వందల లోపే. ఆ మాట చెప్తే నాన్న, "మన అపార్టుమెంట్లోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు కదరా" అన్నారు. మేం రోడ్స్‌కి విమానంలో వెళ్ళి, ఒక రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు పొద్దున కాటమరాన్ అనే వేగంగా పోయే పడవ ఎక్కాం. రెండు గంటల ప్రయాణం. (కాటమరాన్ అనే మాట తమిళుల కట్టుమరం నుంచి ఇంగ్లీషులోకి పోయింది. మన తీరంలో దాన్నే తెప్ప అంటాం. ఇప్పుడు అది ఏసీ, టీవీలతో గ్రీసులో తిరుగుతోంది.) ఏథెన్స్ నుంచి పెద్ద ఓడ కూడా ఉంది కానీ సగం రోజు పైనే పడుతుంది, పెద్దవాళ్ళతో వద్దు.

పడవ దిగే ఊరు లివాదియా. అర్ధచంద్రాకారంలో ఒక అఖాతం, దాని వెంబడే నడవడానికి చదునైన దారి, దారికి ఒక పక్క గులకరాళ్ళ తీరం, ఇంకో పక్క అద్దె గదులు, నాలుగైదు హోటళ్ళు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి ఊరు దొరకదు, మెట్ల గొడవే లేదు. ఇసుక ఉండదు కాబట్టి నీళ్ళు మాత్రం గాజులా ఉంటాయి. రాళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటాయి, రబ్బరు చెప్పులు కొనుక్కోండి. వంటగది ఉన్న గది మాకు రోజుకు 60 యూరోలు పడింది. అదే ఆగస్టులో అయితే గ్రీకు కుటుంబాలు సెలవులకు వస్తాయి, ఆ ధరకు దొరకదు.

మొదటి రోజు సాయంత్రానికి నాన్న మొహం మాడిపోయింది. "ఇక్కడ చూడ్డానికేముంది?" ఆయన జువాలజీ లెక్చరరుగా రిటైరయ్యారు. ఖాళీగా కూర్చోవడం ఆయనకు శిక్ష. అమ్మేమో బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద మేకలు పోతుంటే లెక్కపెట్టుకుంటూ హాయిగా ఉంది. ద్వీపం నిండా మేకలే. తెల్లవారుజామున మెడలో గంటల చప్పుడుకే మెలకువ వస్తుంది.

రెండో రోజు ఏనుగుల మ్యూజియానికి తీసుకెళ్ళాను, అంతే. అవును, ఏనుగులే. లివాదియా నుంచి ద్వీపం రాజధాని మెగాలో హోర్యోకి వెళ్ళే దారిలో హార్కాదియో అనే గుహ ఉంది. 1971లో నికోలాఓస్ సిమియోనిదిస్ అనే ప్రొఫెసరు అక్కడ తవ్వితే మరుగుజ్జు ఏనుగుల ఎముకలు బయటపడ్డాయి. ఐరోపాలో చివరిదాకా బతికిన ఏనుగులు ఇవేనంటారు. ఎదిగిన ఏనుగు కూడా ఎత్తులో మనిషిని మించేది కాదు. 2007లో ఈ జాతికి ద్వీపం పేరు మీదే పాలియోలోక్సోడాన్ టిలియెన్సిస్ అని పేరు పెట్టారు.

అక్కడినుంచి క్లాసు మొదలైంది. వీటి పూర్వీకులు నాలుగు మీటర్ల ఎత్తుండే భారీ ఏనుగులు. మంచు యుగాల్లో సముద్రమట్టం బాగా తగ్గినప్పుడు ద్వీపాల మధ్య దూరమూ తగ్గింది, ఏనుగులు మంచి ఈతగాళ్ళు కాబట్టి ఈదుకుంటూ వచ్చేశాయి. ఇక్కడ సింహాల్లేవు, పులుల్లేవు, పెద్ద ఒళ్ళుంటే లాభం లేదు. పైగా మేత తక్కువ. తక్కువ తిండితో బతికే చిన్నవే పిల్లల్ని కంటూ పోయాయి, వేల ఏళ్ళు గడిచేసరికి జాతంతా చిన్నదైపోయింది. నాన్న ఇదంతా చెప్తుంటే మా ఆవిడ, నేను, మాతో పాటు వచ్చిన ఒక డచ్ దంపతులు (నేను అనువాదం చేస్తుంటే) నిలబడి విన్నాం. అద్దాల పెట్టెలో ఒక దవడ పన్ను ఉంది. పైభాగం మీద అడ్డంగా గట్లు గట్లుగా గీతలు, అరిగిపోయి నున్నగా. "చూశావా, రుబ్బురోలుకి గంట్లు కొట్టినట్టు లేదూ?" అన్నది అమ్మ. నాన్న ఆ రోజంతా ఆ పోలికే తలుచుకున్నారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, ఈ ముక్క తట్టలేదే అని.

ఇక తిండి. మీ అసలు టెన్షన్ ఇదే అయ్యుంటుంది, మాకూ అదే. ఒక మాట నేర్చుకుని వెళ్ళండి: నిస్తీసిమో. గ్రీకు ఆర్థడాక్స్ వాళ్ళకు ఏడాదిలో ఉపవాస రోజులు చాలా ఉంటాయి. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. ఆ ఉపవాసపు వంటను నిస్తీసిమో అంటారు. "వెజిటేరియన్" అంటే కొన్నిచోట్ల చేపలు పెట్టొచ్చా అని అడుగుతారు గానీ ఈ మాట అంటే ఇంట్లో అమ్మమ్మ వండిన వంటలన్నీ గుర్తు చేసుకుని మరీ చెప్తారు. (ఉపవాసంలోనూ రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి తినొచ్చు వాళ్ళకు, కాబట్టి అవి వద్దని విడిగా చెప్పండి.) బామ్యెస్ అడగండి, అంటే బెండకాయలు. టమాటాలో, ఆలివ్ నూనెలో మెత్తగా ఉడికిస్తారు. కారం ఉండదు, అంతే తేడా. ఫావా అనేది పసుపు పప్పును ముద్దగా ఉడికించి పైన ఉల్లిపాయ, నూనె వేసేది. అచ్చం ముద్దపప్పే. పితరూద్యా అని శనగలతో వేసే వడలు ఈ చుట్టుపక్కల ద్వీపాల్లో బాగా చేస్తారు. అన్నం కూరిన టమాటాలు, కాప్సికమ్ కూడా ఉంటాయి, కానీ లోపల కైమా లేదని అడిగి నిర్ధారించుకోండి. పెరుగు గురించి చెప్పక్కర్లేదు. అమ్మ కందిపొడి డబ్బా ప్రతి హోటలుకీ సంచిలో వేసుకొచ్చింది. ఒక హోటలావిడ రుచి చూసి, ఫావా మీద చల్లి, ఇంకో చెంచా అడిగింది. అన్నట్టు ఇండియా నుంచి వచ్చేటప్పుడు పాలకోవా, నెయ్యి లాంటివి తేవద్దని ముందే చెప్పండి, పాల పదార్థాలను ఐరోపాలోకి రానివ్వరు. పొడులు, పచ్చళ్ళతో మాకే ఇబ్బందీ రాలేదు.

అడిగేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. గ్రీకులో "నే" అంటే అవును. నాన్న ఉద్యోగం సగం హైదరాబాదులో చేశారు కాబట్టి ఆయన చెవికి అది "నై" లాగే వినపడుతుంది. కాఫీ ఉందా అని సైగ చేస్తారు, వాళ్ళు నవ్వుతూ "నే" అంటారు, ఈయన "లేదంటరా" అంటూ వెనక్కి వచ్చేస్తారు. రెండు రోజులు కాఫీ లేకుండా గడిపారు పాపం.

వీధుల్లో చెత్తకుండీలు కనపడవు. మొదట అరటిపండు తొక్క చేత్తో పట్టుకుని చాలాసేపు తిరిగాను. 2021 చివర్లో ఒక పథకం మొదలుపెట్టి కుండీలు తీసేశారు, చెత్తదిబ్బను మూసేశారు. ఇప్పుడు ప్రతి ఇంటి దగ్గరా కుళ్ళేది, మళ్ళీ వాడేది, ఎందుకూ పనికిరానిది అని మూడుగా విడదీసి ఉంచితే బండి వచ్చి తీసుకెళ్తుంది. గది ఓనరావిడ మాకూ సంచులిచ్చి ఏది ఎందులో వేయాలో అమ్మకు చేతులు పట్టుకుని చూపించింది. కరెంటు విషయంలోనూ అంతే, ఒక గాలిమర, సోలారు పలకలు, పెద్ద బ్యాటరీలు పెట్టుకుని చాలావరకు సొంతంగా నెట్టుకొస్తున్నారు. చిన్న ఊరే కానీ మొండి ఊరు. తొంభైల్లోనే వేట నిషేధించారు. సెప్టెంబరులో కొండ అంచుల మీద ఎలియనోరా డేగలు కనిపిస్తాయి. ఇవి చాలా పక్షుల్లా వసంతంలో కాకుండా వేసవి చివర్లో పిల్లల్ని పెంచుతాయి. ఐరోపా నుంచి దక్షిణానికి వలసపోయే చిన్న పిట్టలు సరిగ్గా అప్పుడే ఇటుగా పోతాయి కాబట్టి వేట సులువు. ఆ తర్వాత ఇవీ లేచి మడగాస్కర్ పోతాయి. ఇది కూడా నాన్న చెప్పిందే లెండి.

ఒక సాయంత్రం మిక్రో హోర్యో వెళ్ళండి. లివాదియా పైన కొండలో పూర్తిగా వదిలేసిన ఊరు. ఒకప్పుడు సముద్రపు దొంగల భయంతో కనపడకుండా లోపల కట్టుకున్న ఊరు, భయం పోయాక జనం మెల్లగా కింద రేవుకు దిగారు. 1960ల నాటికి ఖాళీ అయిపోయింది. గోడలున్నాయి, పైకప్పుల్లేవు. వెళ్ళేవాళ్ళు దూలాలు కూడా పీకి మోసుకెళ్ళి కొత్తింటికి వాడుకున్నారని టాక్సీ ఆయన చెప్పాడు. ఒక ఇంట్లో గోడలో గూడు ఉంది, మన పల్లెటూరి ఇళ్ళలో దీపం పెట్టే గూడు లాంటిదే, దాని పైన పొగ మచ్చ ఇంకా నల్లగా ఉంది. అమ్మ అక్కడే ఆగిపోయింది. మాట్లాడలేదు. మా అమ్మమ్మగారి ఊరు పులిచింతల ప్రాజెక్టు కింద మునిగింది. ఆ సంగతి నాకు కొండ దిగాక గుర్తొచ్చింది.

మెగాలో హోర్యో పైన కోట ఉంది, ఎక్కడం మోకాళ్ళతో కుదరదు, వదిలేయండి. ఎరీస్తోస్ తీరం పొడవుగా బాగుంటుంది, బస్సు వెళ్తుంది. ద్వీపానికి అవతల కొస, కొండ అంచు మీద అయ్యోస్ పాన్డెలేయిమోనాస్ మఠం ఉంది. టాక్సీ మాట్లాడుకుని వెళ్ళండి, పెద్ద చెట్ల నీడ, చల్లటి ఊట నీళ్ళు. రోడ్డు మాత్రం ఒక పక్క లోయ, కళ్ళు తిరిగేవాళ్ళను లోపలి వైపు కూర్చోబెట్టండి.

ఇప్పుడు షరతు. ఈజియన్ సముద్రంలో వేసవంతా ఉత్తరపు గాలి వీస్తుంది, మెల్తేమి అంటారు. జూలై, ఆగస్టుల్లో ఎక్కువ, సెప్టెంబరులో తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. గాలి ఒక స్థాయి దాటితే అధికారులు పడవలను ఆపేస్తారు. వేగంగా పోయే చిన్నవాటిని ముందు ఆపుతారు, పెద్ద ఓడలు ఇంకాస్త తట్టుకుంటాయి కానీ అవి రోజూ రావు. మేం శుక్రవారం పొద్దున పడవ, అదే సాయంత్రం రోడ్స్ నుంచి విమానం అని లెక్క వేసుకున్నాం. గురువారం రాత్రి తలుపులు కొట్టుకోవడం మొదలయ్యాయి. పొద్దున సూట్‌కేసులు ఈడ్చుకుంటూ టికెట్ల ఆఫీసుకి వెళ్తే ఆ అమ్మాయి తలెత్తకుండానే "ఆవ్రియో" అంది. రేపు అని. రేపు కూడా ఖాయం కాదట. రేవులో నీళ్ళు చూస్తే మామూలుగానే ఉన్నాయి, అసలు గాలి బయట సముద్రంలో ఉంది. పడవ టికెట్ డబ్బు వెనక్కి వచ్చింది, విమానం డబ్బు రాలేదు. వాతావరణం వల్ల పడవ ఆగితే ఐరోపా చట్టం ప్రకారం టికెట్ సొమ్మో, తర్వాతి పడవో ఇస్తారు, అంతకుమించి నష్టపరిహారం ఉండదు. నేను ఫోన్లో కొత్త టికెట్ల కోసం తల బద్దలు కొట్టుకుంటుంటే, గది ఓనరావిడ ఏమీ అడక్కుండా మా తాళాలు తెచ్చి మళ్ళీ బల్ల మీద పెట్టింది. ఆ రాత్రికి డబ్బు తీసుకోలేదు.

కాబట్టి తిరుగు ప్రయాణంలో విమానానికి ముందు కనీసం ఒక పూర్తి రోజు, వీలైతే రెండు, రోడ్స్‌లో పెట్టుకోండి. అక్కడ చూడ్డానికి పాత కోట ఊరు ఎలాగూ ఉంది. టీలోస్‌లో నాలుగు రాత్రులకు తక్కువైతే అసలు వెళ్ళకండి, వచ్చీపోయే శ్రమకే సరిపోతుంది. మందులు లెక్కకు మించి మూడు నాలుగు రోజులవి ఎక్కువ పెట్టుకోండి. నాన్న బీపీ మాత్రలు సరిగ్గా శుక్రవారం దాకే తెచ్చుకున్నారు, ఊళ్ళో చిన్న ఆరోగ్య కేంద్రం ఉండబట్టి గట్టెక్కాం. ఏటీఎం ఉన్నా కొంచెం నగదు దగ్గర ఉంచుకోండి. రాత్రి బార్లు, షాపింగు కావాలనుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మీతో ఉంటే వాళ్ళను కోస్‌లో దింపేయండి, ఇక్కడ వాళ్ళూ సుఖపడరు, మిమ్మల్నీ సుఖపడనివ్వరు.

పడవ శనివారం మధ్యాహ్నం వచ్చింది. శుక్రవారం దొరికిన ఆ అదనపు రోజున నాన్న ఒక్కరే బస్సెక్కి మళ్ళీ ఏనుగుల మ్యూజియానికి వెళ్ళి వచ్చారు. కాఫీ కూడా తాగొచ్చారట. ఎలా అడిగారని అంటే, "వాడు నే అన్నాడు, నేనక్కడే కూర్చున్నాను" అన్నారు.