ఏ ప్రతి చదివావు, అమ్మలూ?

అమ్మలూకి అత్త ఆశీస్సులు.

అన్నయ్య మొన్న ఫోన్ చేసి, "విల్నియస్‌లో దీనికి థీసిస్ టెన్షన్ పట్టుకుంది, నువ్వొకసారి చెప్పు" అన్నాడు. ఫోన్‌లో చెబితే సగం నువ్వు వినవు, సగం నేను మర్చిపోతాను. అందుకే ఈ ఉత్తరం. లిథువేనియా రాజధానైన ఆ ఊళ్లోనే ఆ దేశ సాహిత్యమే చదివినదాన్ని కాబట్టి, నా తప్పులైనా నీకు పనికొస్తాయి.

నువ్వు పంపిన మూడు పేజీలు చదివాను. "బాల్టిక్ సాహిత్యంలో జ్ఞాపకం, జాతి, అస్తిత్వం" అని పెట్టావు. తల్లీ, దానికి ఒక జీవితం చాలదు. లిథువేనియన్, లాత్వియన్ భాషలు అక్కచెల్లెళ్లే గానీ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఒకదాన్నే పట్టుకో. లాత్వియా రాజధాని రీగా వెళ్లినప్పుడు జాతీయ గ్రంథాలయంలో, లాత్వియన్ పాటలు పోగుచేసిన బారొన్స్ జానపద గీతాల బీరువా తప్పకుండా చూడు, కానీ దాని జోలికి పోకు. ఆయన 1894 నుంచి 1915 వరకు అచ్చు వేయించిన పాటలు రెండు లక్షల పైచిలుకు!

మొదటి అధ్యాయంలో సంస్కృతం గురించి రాసిందంతా తీసెయ్. లిథువేనియన్‌లోనూ సంస్కృతంలో లాగే సూనుస్ అంటే కొడుకు, ఉగ్నిస్ అంటే నిప్పు, అవిస్ అంటే గొర్రె. అవి చూడగానే మనవాళ్లకి ఒళ్లు పులకరిస్తుంది. నేనూ పదిహేను పేజీలు నింపాను. మా గైడ్ చదివి, "బాగుంది, మరి నీ కవి ఎక్కడ?" అని అడిగారు. పైగా మన తెలుగుకి ఆ చుట్టరికం కూడా లేదు, అరువు తెచ్చుకున్న మాటల వల్ల ఉన్నట్టు అనిపిస్తుందంతే. భారతదేశంతో ముడి కావాలనే ఉంటే విదూనాస్‌ని చదువు. భగవద్గీతను లిథువేనియన్‌లోకి తెచ్చిన రచయిత ఆయన.

నీ మూడు పేజీల్లో ప్రాణమున్నది ఒక్కచోటే, దాలియా గ్రింకెవిచ్యూతే పేరు రాసిన చోట. నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే ఆగు.

1941 జూన్‌లో ఆమెకు పద్నాలుగేళ్లు. సోవియట్ వాళ్లు ఆమెను లిథువేనియాలోని కౌనస్ నుంచి తల్లితో, అన్నతో పాటు రైలెక్కించి సైబీరియాకి, అక్కడి నుంచి ఆర్కిటిక్‌లోని లాప్తెవ్ సముద్రం ఒడ్డుకి తోలారు. 1949లో జబ్బుపడ్డ తల్లిని తీసుకుని దొంగతనంగా కౌనస్ చేరింది. జరిగిందంతా కాగితాల మీద రాసి, మళ్లీ పట్టుకుంటారన్న భయంతో గాజు జాడీలో పెట్టి తోటలో పాతింది. పట్టుకున్నారు కూడా. తిరిగొచ్చాక వెతికితే జాడీ దొరకలేదు. డాక్టరైంది. 1974లో అదే కథ మళ్లీ మొదటి నుంచి రాసింది. 1987లో పోయింది. జాడీ 1991లో బయటపడింది.

అంటే ఒకే మనిషి, ఒకే బతుకు, రెండు ప్రతులు. ఒకటి ఇరవై రెండేళ్ల పిల్ల భయంలో రాసింది, ఇంకొకటి నలభై ఏడేళ్ల డాక్టరు ఆలోచించుకుని రాసింది. రెండూ పక్కపక్కన పెట్టి, ఏది వదిలేసింది, ఏది చేర్చింది, ఎవరి పేరు ఎలా మారింది అని చూడు. నీ థీసిస్ అక్కడుంది. 2018లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదం దారి వెతుక్కోవడానికి సరిపోతుంది, కోట్ చేసేది మాత్రం మూలం నుంచే.

ఇంకో సంగతి. లిథువేనియన్‌లో తాను చూసినదాన్ని ఒక రకంగా, ఎవరో చెప్పగా విన్నదాన్ని ఇంకో రకంగా చెప్పే వీలుంది. మన "వచ్చాడు", "వచ్చాడట" లాగే. ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఈ తేడా చాలాసార్లు జారిపోతుంది. నువ్వు వాడదలచిన భాగాలను ముందు తెలుగులోకి చేసుకో. ఎక్కడ "ట" పెట్టాలో అక్కడ నీ పెన్ను ఆగుతుంది. అలా ఆగిన చోటల్లా మార్జిన్‌లో గుర్తు పెట్టు.

ఆ దేశంలో ఏ పుస్తకం పట్టుకున్నా "ఇది ఏ ప్రతి?" అని ముందు అడుగు. పద్దెనిమిదో శతాబ్దపు లిథువేనియన్ కవి దొనెలైటిస్ కావ్యం "మెతాయ్"ని ఆయన పోయిన 38 ఏళ్లకు, 1818లో రేజా అనే పండితుడు అచ్చు వేయించాడు, కొన్ని పాదాలు వదిలేసి, కొన్ని మార్చి. రష్యా చక్రవర్తుల పాలనలో 1864 నుంచి 1904 దాకా లాటిన్ అక్షరాలతో లిథువేనియన్ అచ్చు వేయడం నేరం. పుస్తకాలు పక్కనున్న జర్మన్ల ప్రష్యాలో వేసి, మూటలు కట్టి సరిహద్దు దాటించేవాళ్లు. నిషేధానికి ముందు వేసినవని నమ్మించడానికి కొన్నిటి మీద పాత సంవత్సరం వేశారు. అట్ట మీది అంకెను గుడ్డిగా రాసుకోకు. లిథువేనియన్ రచయిత స్రూగా నాజీ క్యాంపు గురించి 1945లో రాసినది, ఆయన పోయాక, 1957లో గానీ అచ్చు కాలేదు. అలాంటి ఖాళీ కనిపించినప్పుడు ఆ మధ్య ఏళ్లలో ఏం జరిగిందో వెతుకు.

వెతకడం అంటే గుర్తొచ్చింది. డిజిటల్ ఆర్కైవ్‌లో నేను రెండు వారాలు "దొనెలైటిస్" అని కొడుతూ, ఏమీ లేదని ఏడ్చాను. అక్కడ పేరుకి కూడా విభక్తులుంటాయి. దొనెలైటిస్ యొక్క అంటే "దొనెలైచో". మన ఇల్లు, ఇంటి లాగా మాట రూపమే మారిపోతుంది. అన్ని రూపాలూ ఒక కాగితం మీద రాసుకుని వరసగా కొట్టు. ఇరవై సంపుటాల పెద్ద నిఘంటువు ఇప్పుడు నెట్‌లో ఉచితం. మా రోజుల్లో లైబ్రరీలో ఒక్కొక్కటీ మోసుకునేవాళ్లం.

డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది. పొద్దున్నే రాయి, చీకటి పడ్డాక ఫుట్‌నోట్లు చూసుకో. రాత్రి నిరాశలో అధ్యాయాలు కొట్టేయకు.

ఆదివారం లోపు రెండు ప్రతుల మొదటి పేజీలూ ఎదురెదురుగా టైప్ చేసి, కింద నీ తెలుగు చేర్చి పంపు. భాష మర్చిపోయానని అన్నయ్య వెక్కిరిస్తాడు గానీ, ఒక పేజీకి నేను చాలు.

మీ అత్త