మేనల్లుడికి ఒక లేఖ: కమ్యూనిటీ కాలేజీలో ఆటోమోటివ్, బయాలజీ కోర్సుల గురించి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కాలిఫోర్నియాలోని డి ఆంజా కాలేజీలో ఆటోమోటివ్ కోర్సులూ బయాలజీ కోర్సులూ రెండూ మొదలుపెట్టాలనుకుంటున్నట్టు నువ్వు రాసిన సంగతి చదివాను. ఆ రెండింటికీ పొంతన ఏమిటని మీ నాన్న అడుగుతున్నారు. విజయవాడలో ఆటోనగర్ ఛాయలకైనా పంపకుండా పెంచిన పిల్లవాడు ఇంత దూరం వచ్చి మెకానిక్ పని నేర్చుకోవడమేమిటని మీ అమ్మ దిగులుపడుతోంది. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల (అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీల) ప్రయోగశాలల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని కనుక, మీ ముగ్గురికీ పనికొచ్చేలా నాకు తెలిసింది రాస్తున్నాను.

మొదట గుర్తుంచుకోవలసింది ఇవి రెండూ ల్యాబ్ చదువులన్న సంగతి. ఇక్కడ కోర్సు బరువును కొలిచే యూనిట్ల లెక్క చూసి కొత్తవాళ్లు తేలిగ్గా మోసపోతారు. ఒక యూనిట్ లెక్చరంటే వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు ఇంటిదగ్గర రెండు గంటల చదువు. అదే ఒక యూనిట్ ల్యాబంటే వారానికి దాదాపు మూడు గంటలు నిలబడి చేసే పని. అందువల్ల కాగితం మీద పన్నెండు యూనిట్లే కనిపించినా, వాటిలో బయాలజీ ల్యాబూ బ్రేకుల వర్క్‌షాపూ రెండూ ఉంటే నీ వారం మొత్తం వాటికే సరిపోతుంది. డి ఆంజాలో క్వార్టర్ పద్ధతి. పన్నెండు వారాల్లో అంతా ముగుస్తుంది, మూడో వారానికే మొదటి పరీక్ష వచ్చి కూర్చుంటుంది. కాబట్టి టైంటేబుల్ వేసుకునేటప్పుడు యూనిట్లను పక్కనపెట్టి ల్యాబ్ గంటలు కూడుకో. మొదటి క్వార్టరులో భారీ ల్యాబ్ ఒక్కటి మించకుండా చూసుకో.

ఫీజు విషయం త్వరగా చెబుతాను. కాలిఫోర్నియా నివాసులకు సెమిస్టర్ కాలేజీల్లో యూనిట్‌కు 46 డాలర్లు, క్వార్టర్ కాలేజీల్లో 31 డాలర్లు. నివాసిగా లెక్కలోకి రావాలంటే క్వార్టర్ మొదలయ్యే రోజుకు ముందు ఏడాదికి పైగా ఈ రాష్ట్రంలో ఉండి ఉండాలి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని కాగితాలతో చూపగలగాలి. గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన ఆ ఏడాది గడువు మాఫీ కాదు. ఆలోగా చేరితే నాన్-రెసిడెంట్ ఫీజు, అది ఎన్నో రెట్లు ఎక్కువ. డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్రానికి కట్టిన పన్ను రిటర్ను, ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు కాగితాలు ఒకే ఫైల్లో పెట్టుకో. నివాసివని తేలాక, ఆదాయాన్ని బట్టి యూనిట్ ఫీజు మాఫీ చేసే కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంటుకు తప్పకుండా దరఖాస్తు పెట్టు.

బయాలజీలో అసలు చిక్కు ఏ నంబరు కోర్సు తీసుకోవాలన్నది. ఈ తప్పు పిల్లలకు ఏడాది కాలం ఖర్చు పెట్టిస్తుంది కనుక కాస్త నిదానంగా చదువు. డి ఆంజాలో బయాలజీ 10 అనేది ఇతర సబ్జెక్టులవాళ్లు సాధారణ విద్య కింద తీసుకునే పరిచయ కోర్సు. బయాలజీలో డిగ్రీకి విశ్వవిద్యాలయానికి వెళ్లేవాళ్లకు 6ఎ, 6బి, 6సి వరుస ఉంది. నర్సింగ్ వంటి వైద్య వృత్తులవైపు వెళ్లేవాళ్లు 40ఎ, 40బి, 40సి అనే మానవ శరీర నిర్మాణ, శరీరధర్మ శాస్త్రాల వరుసా, మైక్రోబయాలజీ కోర్సూ చదువుతారు. పేర్లన్నీ దగ్గరదగ్గరగా ఉన్నా ఒకటి మరొకదానికి బదులు పనికిరాదు. ఏ కోర్సు ఏ విశ్వవిద్యాలయంలో దేనికి సమానమో అసిస్ట్ అనే రాష్ట్ర వెబ్‌సైట్లో కాలేజీవారీగా ఉంటుంది. స్నేహితులు చెప్పారని కాకుండా అక్కడ చూసి నిర్ణయించుకో. పైగా ఈ వరుసల వెనుక కెమిస్ట్రీ కాచుకుని ఉంటుంది. అది పూర్తి కానిదే ముందుకు దారి ఉండదు కనుక, బయాలజీ చదవదలచినవాడు మొదట రిజిస్టర్ చేసుకోవలసింది కెమిస్ట్రీకి.

నువ్వు ఇంటర్లో బైపీసీ చదివావు, ఎంసెట్ బిట్లు వేలకొద్దీ చేశావు. ఆ జ్ఞాపకశక్తి ఇక్కడా అక్కరకొస్తుంది, కానీ ల్యాబ్ ప్రాక్టికల్ తీరు వేరు. బల్లమీద గొర్రె గుండె కోసి పెట్టి, ఒక కవాటానికి పిన్ను గుచ్చి, దాని పేరేమిటి, రక్తం అక్కడినుంచి ఎటు వెళుతుంది అని అడుగుతారు. గంట కొట్టగానే పక్క బల్లకు జరగాలి. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనరు. పేరు నువ్వే రాయాలి, స్పెల్లింగ్ తప్పితే మార్కు పోవచ్చు. అందుకే తరగతి లేనప్పుడు ల్యాబ్ తెరిచి ఉంచే ఓపెన్ ల్యాబ్ గంటల్లో వెళ్లి నమూనాలను చేత్తో పట్టుకుని చదవాలి. ఫోన్లో బొమ్మలు చూస్తే ఈ పరీక్షకు చాలదు.

ఇక పొంతన గురించి మీ నాన్న అడిగిన ప్రశ్న. మైక్రోబయాలజీలో బ్యాక్టీరియాను రంగుతో రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయిన్ చేసేటప్పుడు స్లైడు మీద క్రిస్టల్ వయొలెట్ పోసి, అయోడిన్ పోసి, ఆల్కహాలుతో రంగు కడిగి, చివర సాఫ్రనిన్ వేస్తారు. ఆల్కహాలు కొన్ని సెకన్లు ఎక్కువైతే ఊదాగా ఉండవలసిన బ్యాక్టీరియా కూడా గులాబీ రంగులో కనబడుతుంది. చూసేవాడికి తేడా తెలియదు. అందుకని ఊదాగా తేలుతుందని ముందే తెలిసిన స్టెఫిలోకాకస్‌ను, గులాబీగా తేలుతుందని తెలిసిన ఈ-కొలైని తెలియని నమూనా పక్కనే వేస్తారు. తెలిసిన రెండూ సరిగ్గా వస్తేనే మూడోదాన్ని నమ్మాలి.

ఇప్పుడు మెకానిక్ షాపులోకి వద్దాం. ఇంజిన్ లైటు వెలిగిన కారుకు స్కానర్ పెడితే పీ0171 అని కోడ్ వచ్చిందనుకో. ఇంజిన్లో ఒక వైపు సిలిండర్లకు గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతోందని దాని అర్థం. ఏ భాగం చెడిందో ఆ కోడ్ చెప్పదు. పగిలిన వాక్యూమ్ గొట్టం కావచ్చు, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ కావచ్చు, ఫ్యూయెల్ పంపు ఒత్తిడి తగ్గి ఉండవచ్చు. తొందరపడ్డవాడు ఆక్సిజన్ సెన్సర్ మార్చి కస్టమరు డబ్బు వృథా చేస్తాడు. నేర్చుకున్నవాడు ఒక్కొక్క అనుమానాన్నీ కొలిచి తీసేస్తాడు. స్టార్టర్ నీరసంగా తిరుగుతున్నా అంతే. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. అది సరిగ్గా ఉంటే, వోల్టులు కొలిచే మల్టీమీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, మరొకటి ఇంజిన్ బ్లాకు మీద పెట్టి స్టార్టర్ తిప్పమనాలి. అక్కడ అర వోల్టుకు మించి కనబడితే ఎర్త్ వైరులోనో దాని బిగింపులోనో తుప్పు ఉన్నట్టు. ల్యాబులో తెలిసిన బ్యాక్టీరియా చేసే పనిని షాపులో తెలిసిన కొలత చేస్తోంది. నమ్మే ముందు సరిచూసుకోవడం రెండు చోట్లా ఒకటే విద్య. ఈ అలవాటు ఒకచోట పట్టుబడితే రెండోచోట సులువవుతుందని నా గట్టి నమ్మకం.

మీ అమ్మకు నా మాటగా ఇది చెప్పు. ఆటోనగర్ మేస్త్రిల చేతుల్లోనూ చెవుల్లోనూ ఉన్న విద్య చిన్నది కాదు, దానిమీద నాకు ఎంతో గౌరవం. ఇక్కడి కోర్సు ఆ చేతిపనికి కొలతనూ రాతనూ జోడిస్తుంది. ప్రతి జాబ్ షీటులో కస్టమరు చెప్పిన ఫిర్యాదు, నువ్వు కనుగొన్న కారణం, చేసిన మరమ్మతు మూడూ వేర్వేరుగా రాయించి దిద్దుతారు. ఈ రాష్ట్రంలో అంచనా ఖర్చు రాసిచ్చి కస్టమరు అనుమతి తీసుకోకుండా మరమ్మతు మొదలుపెట్టడం చట్టవిరుద్ధం కాబట్టి, రాయడం రానివాడు ఇక్కడ మెకానిక్‌గా నిలబడలేడు. ఆ రాతకు ఇంగ్లీషు కోర్సు కూడా కావాలి, దాన్ని వాయిదా వేయకు.

పనిముట్ల గురించి ఒక హెచ్చరిక. మంచి సేఫ్టీ గ్లాసులు, గట్టి బూట్లు, ఒక మల్టీమీటరు మాత్రం సొంతంగా కొనుక్కో. మిగతావాటిలో చాలా భాగం తరగతిలో ఉంటాయి. షాపుల దగ్గరికి వారం వారం వచ్చే టూల్ ట్రక్కులు అప్పు మీద ఎర్రటి పనిముట్ల పెట్టెలు అమ్ముతాయి. మొదటి జీతం రాకముందే వేల డాలర్ల బాకీలో పడిన కుర్రవాళ్లను చూసి బాధపడ్డాను. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరకు, స్టాండ్లు పెట్టాకే వెళ్లు. హైబ్రిడ్ కార్లలో హై-వోల్టేజి కరెంటు పారే నారింజ రంగు తీగలు కనబడితే, వాటి శిక్షణ పూర్తయ్యేదాకా వాటి జోలికి పోకు.

రెండు దారులూ వేర్వేరు కాలాల్లో ఫలిస్తాయి. ఆటోమోటివ్ సర్టిఫికెట్ పూర్తయితే షాపులో పని దొరుకుతుంది. ఆ తరువాత మెకానిక్‌ల నైపుణ్యానికి గుర్తింపునిచ్చే ఏఎస్‌ఈ పరీక్షలు రాయవచ్చు. ఏ1 నుంచి ఏ8 దాకా ఎనిమిదీ గట్టెక్కితే మాస్టర్ టెక్నీషియన్ అంటారు. పూర్తి గుర్తింపుకు పరీక్షతోపాటు రెండేళ్ల అనుభవం కావాలి, ఆటోమోటివ్‌లో రెండేళ్ల డిగ్రీ ఉంటే ఏడాది అనుభవం చాలు. బయాలజీ అంత త్వరగా అన్నం పెట్టదు. 90 క్వార్టర్ యూనిట్లు పూర్తి చేసి యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, బదిలీ కావాలి. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు షరతులు నెరవేర్చినవారికి సీటు హామీ ఇచ్చే ట్యాగ్ ఒప్పందం ఉంది, కానీ కొన్ని మేజర్లకు (ప్రధాన సబ్జెక్టులకు) అది వర్తించదు. అందువల్ల నా సలహా ఇది: మొదటి క్వార్టరులో కెమిస్ట్రీ, ఇంగ్లీషు, సాయంత్రం వేళ ఆటోమోటివ్ పరిచయ కోర్సు తీసుకో. కెమిస్ట్రీ నిలదొక్కుకున్నాక బయాలజీ 6 వరుస మొదలుపెట్టు, ఆటోమోటివ్‌ను క్వార్టరుకు ఒక్క కోర్సు చొప్పున సాగించు. షాపు సంపాదన నీ బదిలీ చదువుకు ఆసరా అవుతుంది.

మొదటి రోజు తరగతికి తప్పక వెళ్లు. రానివాళ్ల పేరు కొట్టేసి వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్లకు ఆ చోటు ఇచ్చేస్తారు. ఒక కోర్సు నీవల్ల కాదనిపిస్తే ఫీజు వాపసు గడువులోనే మానెయ్యి. గడువు దాటాక మానితే ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల పత్రం) మీద డబ్ల్యు, అంటే మధ్యలో మానేశాడన్న గుర్తు, పడుతుంది. ఆ డబ్ల్యులూ తప్పినవీ కలిపి ఒకే కోర్సుకు ప్రయత్నాల పరిమితి దాటితే మళ్లీ చేరనివ్వరు.

రిజిస్ట్రేషన్ తెరుచుకోకముందే కౌన్సెలర్ అపాయింట్‌మెంటు తీసుకుని, రెండు విభాగాల కోర్సులనూ ఒకే విద్యా ప్రణాళికలో రాయించుకో. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. ల్యాబ్ గంటలు ఇద్దరం కూర్చుని కూడుదాం.

ఇట్లు,
నీ మామయ్య