మేనత్తే కదా తీసుకెళ్లేది అంటున్నారు

ప్రశ్న: మాది పులివెందుల దగ్గర పల్లె. ముగ్గురు ఆడపిల్లలు, చిన్నదానికి ఆరేళ్లు. మా వదిన, అంటే మా ఆయన అక్క, అమెరికా పౌరురాలు. ఆమెకు పిల్లల్లేరు. చిన్నదాన్ని దత్తత ఇస్తే, చీనీ (బత్తాయి) తోటలో బోర్ల కోసం చేసిన తొమ్మిది లక్షల అప్పు తీరుస్తానంటోంది. "మేనత్తకే కదా, పరాయోళ్లకా? రేపు పెద్దయ్యాక మనల్నందరినీ అదే పిలిపించుకుంటుంది" అంటుంది మా అత్త. స్టాంపు పేపరు మీద రాయించేద్దామని మా ఆయన. ఈ మాటలు మొదలయ్యాక, ఎప్పుడో మానేసిన పాప మళ్లీ రాత్రిళ్లు పక్క తడుపుతోంది. నాకేం తోచడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివర రాసిన ఆ పక్క తడిపే సంగతే నేను ముందు చదవాల్సింది. మీరంతా ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో పాపకు తెలిసిపోయింది. నిద్రపోతోంది కదా అని పిల్లల పక్కనే కూర్చుని అన్నీ మాట్లాడేసుకుంటాం మనం.

మీ వదిన మంచిదే కావచ్చు. బిడ్డ కోసం తపించే మనిషిని తప్పుపట్టను. కానీ అప్పు తీర్చడం, పిల్లను తీసుకోవడం రెండూ ఒకే మాటలో వచ్చాక దాన్ని దత్తత అనలేం, బేరం అనాలి. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం కూడా దత్తతకు బదులుగా డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం నేరమే. ఇంటి ఆడపడుచు ఇచ్చినా సరే.

స్టాంపు పేపరుతో పాప విమానం ఎక్కలేదు. బిడ్డ దేశం దాటాలంటే, చుట్టాల మధ్య దత్తతైనా, ఢిల్లీలోని కారా అనే కేంద్ర సంస్థ ద్వారానే జరగాలి. అమెరికాలో మీ వదిన ఇంటిని, ఆదాయాన్ని, ఆరోగ్యాన్ని పరిశీలించి నివేదిక రాస్తారు. ఇక్కడ దత్తత ఉత్తర్వు కావాలి. 2022 సెప్టెంబరు నుంచి దాన్ని కోర్టు బదులు కలెక్టరు ఇస్తున్నారు. ఆపైన కారా నిరభ్యంతర పత్రం. వీటన్నిటితో పాటు, ఐదేళ్లు నిండిన బిడ్డ ఒప్పుకోలు కూడా ఉండాలి. మీ పాపకు ఆరు. ఇంతవరకు మీ ఇంట్లో ఆ పిల్లను ఎవరైనా అడిగారా?

ఒకసారి దత్తత పూర్తయితే మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం ఉండదు. కాగితాల్లో మీరిక ఆమె తల్లి కారు. మీ అత్తగారికి ఇదొక్కటి తప్పకుండా చెప్పండి: దత్తత వెళ్లిన బిడ్డ ద్వారా కన్నవాళ్లు వీసా పొందే దారిని అమెరికా వలస చట్టమే మూసేసింది. ఆ పిల్ల రేపు డాక్టరైనా "మా అమ్మ" అని మిమ్మల్ని చూపించి పిలిపించుకోలేదు.

మన జిల్లాలో తల్లులు కువైట్ పోతే అవ్వల దగ్గర పెరిగిన పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ల బాధ తక్కువేమీ కాదు. అయినా ఫోన్ మోగితే "మా అమ్మ" అంటూ పరుగెత్తుకొస్తారు. మీ పాప విషయంలో ఆ మాటే మారిపోతుంది. ఆమె మీకు ఫోన్ చేస్తే ఏమని పిలవాలి? అత్తా అనా?

దక్షిణ కొరియా నుంచి దశాబ్దాల పాటు వేలాది పిల్లలు విదేశాలకు దత్తత వెళ్లారు. కన్నవాళ్లు బతికే ఉన్నా అనాథలని రికార్డులు రాసిన సంగతి 2025లో అక్కడి నిజనిర్ధారణ కమిషనే తేల్చింది. వాళ్లలో చాలామంది ఇప్పుడు కన్నతల్లిని వెతుక్కుంటూ తిరిగి వస్తున్నారు. మన తండాల్లోనూ పేద తల్లుల దగ్గర ఆడశిశువులను డబ్బిచ్చి తీసుకున్నారని 1999, 2001లో హైదరాబాద్‌లో దత్తత సంస్థలపై కేసులు నడిచాయి. ఇలాంటి వాటిని అడ్డుకోవడానికి దేశాల మధ్య దత్తతల మీద వచ్చిందే హేగ్ ఒప్పందం. 2003లో మన దేశమూ ఒప్పుకుంది. బిడ్డను సొంత కుటుంబంలో ఉంచడానికి ముందు చూడాలి, అది కుదరకపోతే సొంత దేశంలో, విదేశం ఆ తర్వాతే అంటుందది. మీ పాపకు కుటుంబం ఉంది. లేనిది డబ్బు. అదీ ఆమె చేసిన అప్పు కాదు.

మీ ఆయనతో ముందు అప్పు గురించే మాట్లాడండి. బ్యాంకుది ఎంత, చేబదులు ఎంత, వడ్డీ ఎక్కడ ఎక్కువో కాగితం మీద రాసుకోండి. నాలుగు చీనీ చెట్లు ఎండితే బిడ్డను ఇవ్వాల్సినంత గతి మీకు పట్టలేదు. వదినతో వీడియో కాల్‌లో మీరే మాట్లాడండి, అత్తగారి ద్వారా కబురు వద్దు. "వదినా, పాప మీద నీకున్న ప్రేమ తెలుసు. దాని చదువుకు సాయం చేస్తే చేతులెత్తి మొక్కుతా. దత్తత మాత్రం ఇవ్వను" అంటే చాలు. కోపం వస్తుంది, రానివ్వండి. ఆమెకు బిడ్డ కావాలంటే అక్కడి గుర్తింపు పొందిన సంస్థ ద్వారా కారాలో నమోదు చేసుకోవచ్చు. ఏళ్లు పడుతుంది, కానీ కారా దగ్గర నిజంగా ఇల్లు లేని పిల్లలున్నారు.

పాపను పక్క తడిపినందుకు తిట్టకండి, అక్కల ముందు ఎగతాళి చేయనివ్వకండి. దుప్పటి మార్చి పక్కలో పడుకోబెట్టుకోండి. మీ ఆయన సరేనన్న రోజు, ఆయన చేతే చెప్పించండి: "నువ్వు యాడికీ పోవు." కొన్ని వారాలైనా తగ్గకపోతే కడపలో పిల్లల డాక్టరుకు చూపించండి.