భూమి కేంద్రానిది, జింక రాష్ట్రానిది

ఈసారి మాకు చేరిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం, అమెరికాలో విల్లుతో చేసే జింక వేట, గురించి అడిగినవి కావడంతో శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం. పంపినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా చిన్నవాడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కొంతకాలంగా విలువిద్య సాధన చేస్తున్నాడు. వచ్చే నవంబరులో మిస్సోరీ రాష్ట్రానికి వెళ్లి, ప్రభుత్వ అడవిలో బాణంతో జింకను వేటాడతానంటున్నాడు. అప్పటికి నేనూ మా ఆవిడా విజిటర్ వీసా మీద వాడి దగ్గరే ఉంటాం. ఇక్కడ అడవిలో కుందేలును కొట్టినా కేసు పెడతారు కదా, అక్కడ ప్రభుత్వ భూమిలోనే వేట ఎలా కుదురుతుంది? తన టెక్సస్ లైసెన్సు చాలునంటాడు, నిజమేనా? నేను తోడు వెళ్లవచ్చా? కొమ్ములు ఇంటికి తెచ్చుకోవచ్చా? (కావలి, నెల్లూరు జిల్లా)

జవాబు: టెక్సస్ లైసెన్సు మిస్సోరీలో చెల్లదు. మీ అబ్బాయి ప్రయాణపు ఏర్పాట్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. అమెరికాలో అడవి జంతువు భూమి యజమానిది కాదు. ఆ రాష్ట్ర ప్రజల తరఫున రాష్ట్ర ప్రభుత్వం దానికి ధర్మకర్తగా ఉంటుంది. భూమి కేంద్రానిదైనా, ప్రైవేటు రైతుదైనా, దాని మీద తిరిగే జింకను వేటాడే అనుమతి ఇవ్వవలసింది రాష్ట్ర వన్యప్రాణి శాఖే. మన దగ్గర చెరువు జలవనరుల శాఖ అధీనంలో ఉన్నా అందులో చేపలు పట్టుకునే హక్కు మత్స్యకార సంఘానికి ఉన్నట్టే ఇదీననుకోండి. కాబట్టి అక్కడి వేటగాడు ఇద్దరి నిబంధనలు పాటించాలి: జింక విషయంలో రాష్ట్రానివి, నేల విషయంలో ఆ నేలను చూసుకునే సంస్థవి.

ప్రభుత్వ భూములన్నీ ఒక రకం కావు. నేషనల్ పార్కులలో సాధారణంగా వేట నిషిద్ధం. నేషనల్ ఫారెస్టులలో మాత్రం రాష్ట్ర నిబంధనలకు లోబడి వేటకు అనుమతి ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో మనవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తుంటారు. మిస్సోరీ దక్షిణ భాగంలో, ఓజార్క్ కొండల మీద పరుచుకున్న మార్క్ ట్వేన్ నేషనల్ ఫారెస్టు విస్తీర్ణం దాదాపు 15 లక్షల ఎకరాలు. ఇది గాక రాష్ట్ర శాఖ సొంతంగా నిర్వహించే కన్సర్వేషన్ ఏరియాలు ఉన్నాయి. వాటిలో ఒక్కోదానికీ ప్రత్యేక నియమాలుంటాయి. టెక్సస్ భూమిలో చాలా పెద్ద భాగం ప్రైవేటు చేతుల్లో ఉన్నందువల్ల అక్కడి వేటగాళ్లు బయటి రాష్ట్రాల ప్రభుత్వ అడవుల వైపు చూడటంలో వింత లేదు.

రాష్ట్రం ఎంపికలో మీ అబ్బాయి నిర్ణయం తెలివైనదే. మిస్సోరీలో బయటి రాష్ట్రం వారికి విల్లు వేట పర్మిట్ నేరుగా కొనుక్కోవడానికి దొరుకుతుంది. కాన్సస్‌లో అలా కాదు. బయటివారు ఏప్రిల్‌లో దరఖాస్తు చేసి లాటరీలో పేరు వస్తేనే వెళ్లాలి. అయోవాలో లాటరీలో ప్రాధాన్యమిచ్చే పాయింట్లను ఏటా పోగుచేసుకుంటూ కొన్నేళ్లు ఎదురుచూడవలసి రావచ్చు. బయటివారి రుసుము స్థానికుల రుసుముకు చాలా రెట్లుంటుంది, తరచూ మారుతుంది కూడా; ఆ ఏటి ధరను రాష్ట్ర శాఖ ప్రకటనలోనే చూసుకోవాలి.

ఇక తేదీలు. తెల్లతోక జింక మధ్య పశ్చిమ రాష్ట్రాలలో నవంబరు నడిమికి జత కట్టే కాలపు తారస్థాయికి చేరుతుంది. అంతకు ముందు రెండు వారాలు పోతులు పెంటిజింకల వాసన పట్టుకుని పగటిపూట కూడా తిరుగుతాయి గనుక బాణం వేటకు అదే అదను. మిస్సోరీలో విల్లు సీజను సెప్టెంబరు 15న మొదలవుతుంది. నవంబరు మధ్యలో తుపాకి సీజను వచ్చినప్పుడు ఆగి, అది ముగిశాక మళ్లీ తెరుచుకుని జనవరి 15 వరకు సాగుతుంది. సెలవు పెట్టేటప్పుడు ఈ మధ్య విరామాన్ని గమనించకపోతే ప్రయాణమంతా వృథా అవుతుంది. అక్టోబరు చివరి రోజుల నుంచి నవంబరు మొదటి వారం దాకా ఉన్న వ్యవధి అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. అయితే ఆ రోజుల్లోనే పిల్లల కోసం కేటాయించిన తుపాకి వారాంతం వస్తుంది. ఆ రెండు రోజులు బాణం వేటగాళ్లు కూడా మెరిసే నారింజ రంగు టోపీ, పైచొక్కా ధరించాలి.

టెక్సస్‌లో వేట నేర్చినవారు మిస్సోరీలో ఎక్కువగా చిక్కుకునేది ఎర దగ్గర. టెక్సస్‌లో ప్రైవేటు భూముల్లో మొక్కజొన్న గింజలు చల్లి జింకలను రప్పించడం మామూలు వ్యవహారం. మిస్సోరీలో గింజల ఎర మీద జింకను వేటాడటం నేరం; ఎరను పూర్తిగా తీసేసిన తరువాత కూడా పది రోజుల వరకు ఆ చోటును ఎర వేసిన చోటుగానే పరిగణిస్తారు. గింజలు తాను చల్లకపోయినా ఎవరో చల్లిన చోట కూర్చుంటే ఇబ్బందే, కనుక కూర్చోబోయే చోటు చుట్టూ నేలను ముందే పరికించాలి. కొన్ని కౌంటీలలో (మన జిల్లాల వంటివి) పోతు కొమ్మును బట్టి కూడా నియమం ఉంది: ఒక పక్కనైనా కనీసం నాలుగు మొనలు ఉండాలి. ఒక రాష్ట్రంలో చట్టం తప్పి చంపిన జంతువును ఇంకో రాష్ట్రానికి తరలిస్తే 1900 నాటి లేసీ చట్టం కింద అది కేంద్ర నేరమవుతుంది. వీసా మీద ఉన్నవారు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

కాగితాల పని అయ్యాక నేల పని ఉంటుంది. డల్లాస్ నుంచి అక్కడికి ఏడు గంటల పైచిలుకు కారు ప్రయాణం గనుక వారం వారం వెళ్లి చూసి రావడం కుదరదు. ఉపగ్రహ చిత్రాలు, ఎత్తుపల్లాల గీతలున్న పటాలు ముందేసుకుని ఇంట్లోనే సగం పని ముగించాలి. వాహనాలు ఆగే చోటికి దూరంగా, రెండు గట్లు కలిసే పల్లపు మెడ, వాగు దాటే రేవు, ఓక్ కాయలు రాలే వాలు, ఇలాంటి చోట్లు అయిదారు గుర్తుపెట్టుకుని, వెళ్లిన మొదటి రోజు విల్లు కారులోనే వదిలి వాటిని కాలినడకన చూడటం మంచిది. చిన్న చెట్ల బెరడును పోతు కొమ్ములతో రాచిన గుర్తులు, కాళ్లతో గీకి మూత్రం పోసిన మట్టి మడి, తాజా పెంటికలు కనిపిస్తే అక్కడ ఆశ పెట్టుకోవచ్చు. ఒకే చోటును నమ్ముకుని వెళ్లడం తగదు. ప్రభుత్వ అడవి అందరిదీ గనుక తెల్లవారేసరికి మరొకరు ముందే వచ్చి కూర్చుని ఉండవచ్చు. అలాంటప్పుడు మాట్లాడకుండా పక్కకు తప్పుకోవడమే అక్కడి మర్యాద.

అన్నిటికన్నా గాలి ముఖ్యం. జింక కంటికి చిక్కకుండా ఉండటం తేలిక, ముక్కుకు చిక్కకుండా ఉండటం కష్టం. జింక వచ్చే దిక్కు నుంచి మన వైపుకు గాలి వీచే రోజునే ఆ చోట కూర్చోవాలి. చెట్టుకు కట్టుకునే మంచె తీసి పట్టుకుపోయే రకానిదై ఉండాలి. ప్రభుత్వ భూములలో చెట్లకు మేకులు, స్క్రూలు దిగగొట్టడం సాధారణంగా నిషిద్ధం. మంచె మీది నుంచి పడిపోవడమే ఈ వేటలో తరచుగా జరిగే ప్రమాదం. ఒంటికి మొత్తం పట్టీ బిగించుకుని, నేల వదిలిన క్షణం నుంచి తిరిగి నేల తాకేవరకు చెట్టుకు కట్టిన తాడుతో అతుక్కుని ఉండాలి. తండ్రిగా మీరు పట్టుబట్టవలసిన విషయం ఏదైనా ఉంటే అది ఇదే.

బాణానికి దూరం ఇరవై, ముప్పై గజాలు. లక్ష్యపు పలక మీద యాభై గజాల నుంచి గురి తప్పనివాడు కూడా బతికి కదిలే జంతువు మీద అంత దూరం నుంచి వదలకూడదు. జింక అడ్డంగా గానీ, కాస్త అవతలికి మళ్లి గానీ నిలిచినప్పుడు ముందుకాలి జబ్బ వెనుక, ఒంటి కింది మూడోవంతులో తగలాలి. తగిలిన వెంటనే దిగి పరిగెత్తడం పనికిరాదు. బాణం దొరికితే దాన్ని చూడాలి: లేత ఎరుపు నెత్తురులో నురుగు బుడగలుంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, అరగంట ఆగితే చాలు, ముదురెరుపైతే కాలేయం, నాలుగైదు గంటలు ఆగాలి, పచ్చటి పసరు, పేడ వాసన అంటి ఉంటే పొట్టకు తగిలినట్టు, ఆరు నుంచి పన్నెండు గంటలు కదలకుండా ఆగాలి. తొందరపడి వెంబడిస్తే గాయపడిన జంతువు లేచి మైళ్ల దూరం పోయి ఎవరికీ దక్కకుండా చస్తుంది.

జింక దొరికిన వెంటనే పర్మిట్ మీద గుర్తు కొట్టి, అదే రోజు రాత్రి 10 గంటలలోగా టెలిచెక్ అనే పద్ధతిలో రాష్ట్రానికి తెలపాలి. పేగులు తీసివేసి మాంసాన్ని త్వరగా 4 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లబరచాలి. అక్కడి జింకలలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు ఉంది. 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన ఈ జబ్బు ఇప్పుడు చాలా రాష్ట్రాలకు పాకింది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు ఆధారం లేకపోయినా, జబ్బు ఉన్నట్టు తేలిన జింక మాంసం తినవద్దని వైద్యాధికారులు చెబుతున్నారు. మిస్సోరీ శాఖ ఉచితంగా పరీక్ష చేస్తుంది. ఫలితం వచ్చేదాకా మాంసాన్ని ఫ్రీజర్‌లో ఉంచి, వచ్చాక వండుకోండి. ఇదే కారణంగా మెదడు, వెన్నెముక ఉన్న కళేబరాన్ని సరిహద్దు దాటించడాన్ని చాలా రాష్ట్రాలు నిషేధించాయి. ఎముక తీసిన మాంసం, కండ లేకుండా శుభ్రం చేసిన పుర్రె పలకతో కొమ్ములు మాత్రమే కారెక్కించాలి. దారిలో వచ్చే రాష్ట్రం నిబంధనను కూడా చూసుకోవాలి. మాంసం అమ్మడం నేరం. ఎక్కువైతే ఆకలిగొన్నవారికి చేర్చే షేర్ ది హార్వెస్ట్ పథకం ఉంది, దానికి ఇవ్వవచ్చు.

మీరు తోడు వెళ్లి కూర్చోవడానికి లైసెన్సు అక్కరలేదు. విల్లు పట్టుకోవడం, జింకను అటు నుంచి ఇటు తోలడం వంటివి చేస్తే మాత్రం మీరూ వేటలో పాల్గొన్నట్టే. కొమ్ములు, తోలు, మాంసం ఇంటికి తెచ్చే ఆలోచన మానుకోండి. వన్యప్రాణి ఉత్పత్తులను మన కస్టమ్స్ అనుమతించదు. చెన్నై విమానాశ్రయంలో పెట్టె విప్పినప్పుడు అది అమెరికా జింకదని నిరూపించే శ్రమా మీకు వద్దు. ఫొటో తెచ్చుకోండి.

ప్రశ్న: మా మేనల్లుడు ఒహాయోలో హెచ్1బీ వీసా మీద ఉన్నాడు. వీసాదారులు ఆయుధం పట్టుకుంటే దేశం నుంచి పంపించేస్తారని ఇక్కడ అందరూ భయపెడుతున్నారు. స్నేహితులతో కెంటకీకి విల్లు వేటకు పోతానంటున్నాడు. (ఒంగోలు)

జవాబు: ఆ భయానికి ఆధారం లేకపోలేదు, అయితే అది తుపాకికి సంబంధించింది. హెచ్1బీ, విద్యార్థి, విజిటర్ వంటి తాత్కాలిక వీసాలున్నవారు తుపాకి గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని కేంద్ర చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. విల్లు ఆ చట్టం ప్రకారం తుపాకి కిందికి రాదు. స్నేహితులలో ఎవరైనా తుపాకి తెస్తే దాన్ని మీవాడు ఒకసారి చూస్తానని కూడా చేతిలోకి తీసుకోకుండా ఉండటమే క్షేమం.

ఒహాయోలో ఆరు నెలలు వరుసగా నివసించినవారికి అక్కడ స్థానికుల రుసుమే పడుతుంది, దానికి పౌరసత్వంతో పనిలేదు. కెంటకీలో మాత్రం అతడు బయటివాడే. వేట లైసెన్సుతో పాటు జింక పర్మిట్ విడిగా తీసుకోవాలి. అక్కడ విల్లు సీజను సెప్టెంబరు మొదటి శనివారమే తెరుచుకుంటుంది. కెంటకీ, టెన్నెసీల మధ్య ఉన్న ల్యాండ్ బిట్వీన్ ద లేక్స్ అనే 1,70,000 ఎకరాల కేంద్ర భూమికి వెళ్లేటట్టయితే రాష్ట్ర కాగితాలు గాక ఆ ప్రాంతపు వేట పర్మిట్ కూడా కొనాలి. పై జవాబులో చెప్పిన రెండు యాజమాన్యాల సంగతికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఉండదు. బయలుదేరే ముందు వేట శిక్షణ ధ్రువపత్రం సంపాదించుకోమనండి. ఒక రాష్ట్రంలో పొందినది మిగతా రాష్ట్రాలలో చెల్లుతుంది. మోంటానా, న్యూయార్క్ వంటి చోట్ల విల్లు వేటకు ప్రత్యేక శిక్షణ కూడా అడుగుతారు.

ప్రశ్న: అమెరికాలో రుసుము కట్టి వేటాడనిస్తున్నప్పుడు, చెంచులు తరతరాలుగా విల్లంబులు పట్టిన నల్లమలలో మనకు అలాంటి లైసెన్సు ఎందుకు ఇవ్వరు? (మార్కాపురం)

జవాబు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణతో, వినోదపు వేటకు పూర్తిగా తలుపు మూసింది. ఈ చట్టంలో తరమడం, వల పన్నడం, వాటికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో, ఉంది. దాన్ని చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. అడవిపై గిరిజనుల హక్కులను గుర్తించిన 2006 చట్టం కూడా సంప్రదాయ వేట హక్కును స్పష్టంగా మినహాయించింది, కనుక చెంచుల పేరు చెప్పి దారి వెతకడం కుదరదు. అమెరికాలో విల్లులు, బాణాలు, తుపాకులపై వసూలు చేసే ప్రత్యేక పన్ను 1937 చట్టం ప్రకారం రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. జింకల సంఖ్యను లెక్కగట్టి ఎన్ని చంపవచ్చో నిర్ణయించే యంత్రాంగం ఆ డబ్బుతో నడుస్తుంది. మన అడవులలో జింక పులికి ఆహారం. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం పక్కన ఉన్న మీకు ఇది నేను చెప్పనక్కరలేదు.

విల్లు మీదే మక్కువైతే లక్ష్యపు పలక ఉంది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతోనే. సాధనకు మొద్దు మొన ఉన్న బాణాలు వాడండి. బ్లేళ్లున్న వేట ములికి పలకను చీల్చేస్తుంది, పైగా దారిలో తనిఖీ జరిగితే అది ఎందుకు తెచ్చారో సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.