కోచ్ కాబోతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఆఫీసు ఉద్యోగం మానేసి న్యూజెర్సీలోనే టెన్నిస్ కోచింగ్ మొదలుపెడుతున్నావని, పదమూడేళ్ల కుర్రాడొకడు అప్పుడే నీ దగ్గర కుదిరాడని చెప్పాడు. చెప్తున్నంతసేపూ వాడి గొంతులో కంగారూ గర్వమూ ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉన్నాయి. నా పరిస్థితీ అదే. మన ఇంటి పిల్ల రాకెట్ పట్టుకుని బతుకుతానంటే సంతోషం కాక ఇంకేముంటుంది? కానీ ఒక్క మాట నాకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఆ కుర్రాడు అచ్చం నీలాగే ఆడతాడట కదా. పొట్టివాడు, కాళ్లు చురుకు, కోర్టు వెనక గీత, ఆ బేస్‌లైన్ వదలడు, సర్వ్ మాత్రం మెత్తన. "జపాన్ ఆటగాడు నిషికోరికి కోచ్‌గా మైకేల్ చాంగ్ ఎలాగో వీడికి నేను అలాగ" అన్నావట.

నా భయం అక్కడే. తనలా ఆడే పిల్లాడు దొరికితే కోచ్‌కి పని సులువనుకుంటారు. అలాంటి పిల్లాడి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. వాడు బంతి కొడుతుంటే నీకు నీ పాత ఆటే కనిపిస్తుంది, వాడు కనిపించడు.

చిల్లర పనులు ముందే చెప్పేస్తాను. అమెరికా టెన్నిస్ సంఘం యూఎస్‌టీఏ వాళ్లు పిల్లల భద్రత కోసం ఇచ్చే సేఫ్ ప్లే అనుమతి తెచ్చుకో, సీపీఆర్ నేర్చుకో, ఇన్సూరెన్స్ కట్టు, ఫీజు సంగతి వాడి అమ్మానాన్నలతో మొదటిరోజే కాగితం మీద రాసుకో.

ఇక చాంగ్. నువ్వున్న చోటికి దగ్గర్లోనే, హోబోకెన్‌లో 1972లో పుట్టాడు. ఎత్తు 175 సెంటీమీటర్లు. ఆయన పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది 1989 జూన్ 5, పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్, లెండిల్‌తో నాలుగో రౌండ్. లెండిల్ అప్పుడు ప్రపంచ నంబర్ వన్. మొదటి రెండు సెట్లూ పోయాయి, తర్వాతి రెండూ చాంగ్ లాగేసుకున్నాడు. ఈలోగా తొడలూ పిక్కలూ పట్టేశాయి. కూర్చుంటే లేవలేనని కోర్టు పక్కలు మారేటప్పుడు నిలబడే ఉన్నాడు, అరటిపళ్లు తిన్నాడు, నీళ్లు తాగాడు. బంతిని ఆకాశానికెత్తి కొడుతూ ఊపిరి తీసుకున్నాడు. అయిదో సెట్లో 4-3 మీద, 15-30 దగ్గర, కింద నుంచి చేత్తో విసిరినట్టు సర్వ్ చేశాడు. మ్యాచ్ పాయింట్ మీద సర్వీస్ గీత దాకా నడిచొచ్చి నిలబడ్డాడు. లెండిల్ డబుల్ ఫాల్ట్ చేశాడు. ఆరు రోజుల తర్వాత ఫైనల్లో ఎడ్‌బర్గ్‌ని కూడా అయిదు సెట్లలో ఓడించాడు. అప్పటికి వయసు పదిహేడేళ్ల మూడు నెలలు. మగవాళ్ల సింగిల్స్‌లో అంత చిన్నవయసులో గ్రాండ్‌స్లామ్, అంటే ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నమెంట్లలో ఒకటి, గెలిచినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు.

ఈ కథ పిల్లలకి చెప్తే వాళ్లు ఆ కింది సర్వ్ ఒక్కటే పట్టుకుంటారు. నువ్వు మాత్రం అంతకుముందు గంటలకొద్దీ సాగిన ఆట చూడు. ఒక్క బంతినీ తేలిగ్గా వదలకపోవడం, ప్రతి దెబ్బ తర్వాతా మళ్లీ సరైన చోటికి పరిగెత్తి నిలబడడం, అవతలివాడి రాకెట్ బంతిని తాకే క్షణానికి రెండు పాదాలూ నేలకి ఆనేలా చిన్న గెంతు గెంతడం. ఆ గెంతు ఒక్క రవ్వ ఆలస్యమైతే అడుగున్నర దూరం పోయినట్టే. తిరిగొచ్చి నిలబడే చోటు గీత మధ్యలో ఉండదని కూడా వాడికి చెప్పు. క్రాస్‌కోర్ట్, అంటే ఐమూలగా కొడితే మధ్యకి రెండడుగులు ఇవతలే ఆగాలి, ఎందుకంటే అవతలివాడు కొట్టగల కోణాల నడిమి చోటు అది.

ఆ తర్వాత చాంగ్ ఇంకో గ్రాండ్‌స్లామ్ గెలవలేదు. 1995లో పారిస్‌లో ముస్టర్ చేతిలో, 1996లో మెల్‌బోర్న్‌లో బెకర్ చేతిలో, అదే ఏడాది న్యూయార్క్‌లో సాంప్రాస్ చేతిలో ఫైనల్స్ పోయాయి. ర్యాంకు రెండు దగ్గర ఆగింది. అయినా మొత్తం 34 టైటిళ్లు గెలిచి 2003లో ఆట మానేశాడు. కోచ్‌గా ఆయనకి పనికొచ్చిన సరుకు ఆ మూడు ఫైనల్స్‌లో ఎక్కువ ఉందని నా నమ్మకం. పదిహేడేళ్లకే గెలిచి ఆగిపోయుంటే, ఒక కుర్రాడు దగ్గరిదాకా వచ్చి ఎందుకు జారిపోతాడో ఆయనకి తెలిసేదే కాదు. నువ్వు స్టేట్ ఫైనల్స్‌లో రెండుసార్లు ఓడావని ఇప్పటికీ ఎవరికీ చెప్పవట. ఆ కుర్రాడికి చెప్పు తల్లీ. నీ పెట్టెలో ఉన్నవాటిలో వాడికి అన్నిటికంటే విలువైనది అదే.

2014 సీజన్ నుంచి చాంగ్ నిషికోరి దగ్గర చేరాడు. అప్పటికే అక్కడ డాంటే బొటీని కోచ్‌గా ఉన్నాడు, ఆయన్ని తీసేయలేదు. ఛాంపియన్ రెండోవాడిగా ఇంకొకరి పక్కన నిలబడ్డాడు. ఇది చాలామంది గమనించరు. ఆ కుర్రాడికి ఇప్పటిదాకా నేర్పినాయన ఎవరో కనుక్కుని, ముందు ఆయనతో మాట్లాడు. ఆయన నేర్పినదంతా తప్పని మాత్రం వాడి ముందు ఎప్పుడూ అనకు.

చాంగ్ నిషికోరి దగ్గర చేరడానికి ముందే ఒక సంగతి జరిగింది. 2011లో బాసెల్ ఫైనల్లో నిషికోరి ఫెదరర్‌తో ఆడి చిత్తుగా ఓడాడు. ఫెదరర్‌తో ఫైనల్ ఆడుతున్నందుకే మురిసిపోయాడని, ఆట అక్కడే పోయిందని చాంగ్ మొహం మీదే చెప్పాడు. చేరాక గంటలకొద్దీ అడుగులూ, మామూలు ఫోర్‌హ్యాండ్లూ చేయించాడు, కొత్త మాయ ఏమీ లేదు. ఆ 2014లోనే న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్‌లో నిషికోరి రావనిచ్‌ని తెల్లవారుజామున 2:26కి, వావ్రింకాని ఇంకో అయిదు సెట్లలో, సెమీస్‌లో జొకోవిచ్‌ని ఓడించి గ్రాండ్‌స్లామ్ ఫైనల్ చేరిన మొదటి ఆసియా మగవాడయ్యాడు. అక్కడ చిలిచ్ చేతిలో వరుస సెట్లలో పోయింది.

నాకు మాత్రం ఆ ఏడాది అనగానే మాడ్రిడ్ గుర్తొస్తుంది. మట్టి కోర్టు మీద ఫైనల్లో నాదల్ మీద ఒక సెట్ గెలిచి రెండో సెట్లో 4-2 మీద ఉన్నాడు. నడుం పట్టేసింది. మూడో సెట్లో 0-3 దగ్గర చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. ఆగస్టులో కాలి బొటనవేలికి ఆపరేషన్. 2017లో కుడి మణికట్టు స్నాయువు చిట్లి మిగతా సీజనంతా పోయింది. ఇందులో కోచ్ తప్పుందని అనను, నాకు ఆ హక్కు లేదు. అంత పరిగెత్తే ఆటకి ఒళ్లు కట్టే వడ్డీ అది. పెద్దవాడు తెలిసి కడతాడు. పదమూడేళ్లవాడి తరఫున ఆ అప్పు నువ్వు చేయకూడదు.

ఇక అసలు సంగతి. పొట్టి పిల్లలకి కోచ్‌లు చేసే పాత తప్పొకటి ఉంది. నీకూ అదే జరిగింది. సర్వ్ మెత్తగా ఉంది కదా, ఎత్తు లేదు కదా, రెండో సర్వ్‌ని అవతలివాళ్లు చీల్చేస్తున్నారు కదా అని తొందరపడి కిక్ సర్వ్ నేర్పేస్తారు. బంతి ఎగిరి పడుతుంది, అవతలి పిల్లలు వెనక్కి పోతారు, నెలలోనే రెండు టోర్నమెంట్లు గెలుస్తాడు. అందరికీ ఆనందం. లోపల జరిగేది ఇది. కిక్ కోసం బంతిని తలపైన ఎడమవైపుకి, కొంచెం వెనక్కి ఎగరేస్తారు. దాన్ని అందుకోవాలంటే నడుం విల్లులా వెనక్కి వంగి, అదే క్షణంలో పక్కకి తిరగాలి. కాళ్లలో బలముంటే మోకాళ్లు వంగి పైకి తోస్తాయి, నడుం మీద భారం తగ్గుతుంది. పదమూడేళ్లకి ఆ బలం రాదు, అందుకని పనంతా వెన్నూ భుజమూ చేస్తాయి. ఎదిగే ఎముక చివర ఇంకా మెత్తన. రోజూ 150 సర్వ్‌లు అలా కొడితే నడుం కింది ఎముకలో సన్నటి బీట పడుతుంది, లేదంటే భుజం లోపల పెరిగే చోటు వాచిపోతుంది. పిల్లాడు చెప్పడు. గెలుస్తున్నాడు కదా.

నీ భుజం కాలేజీలో రెండో ఏడాదికి మొరాయించింది కానీ, దానికి విత్తనం పడింది పదమూడేళ్లప్పుడు. నీకు తొందరగా నేర్పించమన్నవాళ్లలో ఇంట్లో పెద్దవాళ్లమూ ఉన్నాం. అప్పుడు ఎవరూ ఆపలేదు, క్షమించు తల్లీ. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు బంతి పక్కకి తిరిగే స్లైస్ సర్వ్ నేర్పు. సుత్తి పట్టినట్టుండే కాంటినెంటల్ గ్రిప్, బంతి ఎగరేసే టాస్ కుడి కంటికి ఎదురుగా, ముందుకి అడుగు. కిక్‌ని ఏడాది ఆపు. మొదలుపెట్టినప్పుడు సర్వీస్ గీత దగ్గర నిలబెట్టి, నెట్‌కి బాగా పైనుంచి మెల్లగా పైకి రుద్దడమే చేయించు, వేగం వద్దు. పూర్తి బలంతో కొట్టే సర్వ్‌లు రోజుకి 60 దాటనివ్వకు, పదిహేనేసి చొప్పున, నడుమ వేరే పని పెట్టు. వరుసగా రెండు రోజులు వద్దు. ప్రతి నెలా ఒకటో తారీఖున గోడకి నిలబెట్టి ఎత్తు గీత గియ్యి. నెలలో సెంటీమీటర్ పెరిగితే ఆ నెల సర్వ్‌లు సగానికి కొయ్యి. వారానికోసారి ఒంటికాలి మీద నిలబెట్టి మెల్లగా వెనక్కి వంగమను. నడుం ఒక పక్క కలుక్కుమంటే ఆ రోజే సర్వ్ ఆపి డాక్టర్ దగ్గరికి పంపు. ఎన్ని పాయింట్లు పోయినా సరే, ఏ టోర్నమెంట్ ముందున్నా సరే. వాళ్ల నాన్న నీ మీద అరిచినా సరే.

రాకెట్ సంగతిలోనూ ఇదే తొందర ఉంటుంది. 1990ల నడుమ చాంగ్ సర్వ్‌కి అందుబాటు కోసం మామూలు 27 అంగుళాల బదులు 28 అంగుళాలది పట్టాడు. చదివినవాళ్లు పిల్లాడికీ అదే కొనిపెట్టమంటారు. ఒక్క అంగుళం పెరిగినా చివర బరువు చేతికి చాలా తెలుస్తుంది, మణికట్టు ఆలస్యమవుతుంది. వాడికి 27 అంగుళాలు, 270 గ్రాముల చుట్టుపక్కల చాలు. గట్టిగా ఉండే పాలీ స్ట్రింగ్ వద్దు, మెత్తటి మల్టీఫిలమెంట్ స్ట్రింగ్ 50 పౌండ్ల బిగువు దగ్గర వేయించు. పిడి పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకీ అరచేతి మొదలుకీ మధ్య రెండో చేతి చూపుడువేలు పట్టాలి. ఎగరడం మానేసిన చచ్చిన బంతులు వాడికి కొట్టడానికి అందించకు, వాటికి వేగం ఇవ్వడానికి పిల్లలు మోచేతితో బాదుతారు.

అక్కడ ఆగస్టు ఉక్కపోత నాకు తెలుసు. ఆటకి ముందూ తర్వాతా బరువు తూచు. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. ఒట్టి నీళ్లే పోయిస్తే ఒంట్లో ఉప్పు పలచబడి పిక్కలు ఇంకా పట్టేస్తాయి. లీటరు నీళ్లలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి, పక్కలు మారినప్పుడల్లా నాలుగు గుక్కలు తాగించు. అరటిపండు సంచిలో ఉండాలి.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చకు. పుస్తకంలో గీతలు పెట్టు: పాయింట్ ఎన్నో దెబ్బకి పోయింది, ఏ వైపు పోయింది, సర్వ్ మొదటిదా రెండోదా. ఛాంపియన్లు ఇక్కడే దెబ్బతింటారు. 2013లో పాత ఛాంపియన్ కానర్స్ షరపోవాకి కోచ్‌గా ఒకే ఒక్క మ్యాచ్ ఉన్నాడు. కోచ్‌గా చేరిన ఇంకో పాత ఛాంపియన్ అగస్సీ, ఆయన శిష్యుడు జొకోవిచ్ ఏడాది కూడా నిండకుండా విడిపోయారు. వాళ్లకి ఆట తెలియక కాదు కదా. ఆ గీతలు చూశాక, వాడు నీలా ఆడట్లేదని తేలినా బెంగపడకు. బహుశా వాడికి నెట్ దగ్గరికి పోవాలని ఉంటుంది. పోనీ.

మొదటి రెండు వారాల గీతల కాగితం ఫొటో తీసి పంపు, నేనూ చూస్తాను. నీ భుజానికి రబ్బరు బ్యాండుతో చేసే వ్యాయామం ఇంకా చేస్తున్నావో లేదో కూడా రాయి. ఇకనుంచి రోజుకి వందల బంతులు నువ్వే విసరాలి, కొట్టాలి. డెబ్బై అయిదు బంతుల బాస్కెట్ నాలుగు కేజీలు దాటుతుంది. ఎడమచేత్తో ఎత్తు.

ప్రేమతో,
పెదనాన్న