క్రిప్టో సంపద చాటుకున్న తమ్ముడికి బెదిరింపులు: ఫిర్యాదు చేస్తే మన మీదకే వస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2020లో కొన్న బిట్‌కాయిన్ విలువ బాగా పెరగడంతో బ్యాలెన్స్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. కొత్త కారు ముందు ఫొటో దిగి బిట్‌కాయిన్‌కి థ్యాంక్స్ కూడా చెప్పాడు. మూడు వారాలుగా తెలియని నంబర్ల నుంచి మెసేజ్‌లు వస్తున్నాయి. "20 లక్షలు యూఎస్‌డీటీలో పంపు. మీ అమ్మానాన్న ఇద్దరే ఉంటారు కదా" అని రాసి, ఊళ్లో మా ఇంటి గేటు ఫొటో పంపారు. యూఎస్‌డీటీ అంటే డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెమట. పోలీసుల దగ్గరకు వెళ్దామంటే, క్రిప్టో చట్టవిరుద్ధమని మన మీదే కేసు పెడతారు, పైగా ఇన్‌కమ్‌ ట్యాక్స్ వాళ్లు వస్తారు అని తమ్ముడు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఫిర్యాదు ఇవాళే ఇవ్వండి. డబ్బు మాత్రం పంపొద్దు. ఒకసారి పంపితే మీ తమ్ముడు పంపగలడని, పంపుతాడని రెండూ వాళ్లకు తెలిసిపోతాయి.

ముందు ఆ గేటు ఫొటోను జాగ్రత్తగా చూడండి. గుమ్మానికి కట్టిన తోరణం పచ్చిగా ఉందా, ఎండిపోయిందా? వాకిట్లో ముగ్గు ఏ పండగది? పక్కన ఆగిన బండి ఎవరిది? మీ తమ్ముడి పాత పోస్టుల్లోంచి తీసుకున్న ఫొటో అయితే బెదిరించేవాడు ఎక్కడో కూర్చుని ఆడిస్తూ ఉండొచ్చు. ఈ మధ్య తీసిందైతే ఎవరో మీ వీధిలోకి వచ్చి వెళ్లారన్నమాట. ఈ తేడా మీ ఫిర్యాదులో మొదటి పేరాలోనే ఉండాలి. అమ్మానాన్నలకు ఎంత తొందరగా రక్షణ కావాలో పోలీసులు దాన్ని బట్టే అంచనా వేస్తారు.

ఇక మీ తమ్ముడి భయం. క్రిప్టో కలిగి ఉండటం మన దేశంలో నేరం కాదు. బ్యాంకులు క్రిప్టో లావాదేవీలకు సేవలు ఇవ్వకూడదంటూ 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రమే దాని లాభంపై 30 శాతం పన్ను వేస్తోంది. 2023 మార్చిలో క్రిప్టో కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందకు తెచ్చింది. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు క్రిప్టో ఆస్తేనని తేల్చి చెప్పింది. కొత్త శిక్షాస్మృతిలోనూ ఇందుకు అనుకూలంగా ఒక చిన్న మార్పు జరిగింది. పాత ఐపీసీలో చరాస్తి నిర్వచనంలో 'భౌతిక రూపం ఉన్న' అనే అర్థమిచ్చే మాట ఉండేది. చేత్తో పట్టుకోలేని దాన్ని దొంగిలించడమేమిటి అని డిఫెన్సు లాయర్లు వాదించేందుకు అది ఆస్కారమిచ్చేది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 2(21)లో ఆ మాట లేదు.

అసలు చిక్కు ఫిర్యాదు రాసే తీరులో వస్తుంది. 'తెలియని వ్యక్తులు బెదిరిస్తున్నారు, తగు చర్య తీసుకోగలరు' అని రెండు ముక్కలు రాసి ఇస్తే అది సెక్షన్ 351 కింద ఉత్తి బెదిరింపు అయిపోతుంది. అది సాధారణంగా నాన్ కాగ్నిజబుల్, అంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం. డైరీలో రాసుకుని, కోర్టుకు వెళ్లమని పంపేస్తారు. డబ్బు అడగడం, ప్రాణభయం కల్పించడం రెండూ కలిస్తే సెక్షన్ 308(4) పడుతుంది. బలవంతపు వసూలు కోసం చావు భయం గానీ తీవ్ర గాయం భయం గానీ పెట్టడం ఆ నేరం. ఆ భయం మీ తమ్ముడి గురించే కానక్కర్లేదు, 'మరెవరికైనా' అని సెక్షన్‌లోనే ఉంది కాబట్టి అమ్మానాన్నలూ అందులోకి వస్తారు. 7 ఏళ్ల వరకు జైలు, కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. రూపాయి కూడా పంపకపోయినా నేరం పూర్తయినట్టే. పేరు దాచుకుని బెదిరించినందుకు 351(4) అదనం.

అందుకని ఇలా రాయండి: "ఫలానా తేదీ, ఫలానా సమయానికి ఫలానా నంబరు నుంచి నా ఫోనుకు వచ్చిన మెసేజ్‌లో 20 లక్షల రూపాయల విలువైన యూఎస్‌డీటీ డిమాండ్ చేశారు. వెంటనే మా తల్లిదండ్రుల ఇంటి గేటు ఫొటో పంపి, వాళ్లు ఇద్దరే ఉంటారని గుర్తు చేశారు. డబ్బు ఇవ్వకపోతే వారిని చంపుతారని లేదా తీవ్రంగా గాయపరుస్తారని నేను భయపడుతున్నాను." మెసేజ్‌లో 'చంపుతాం' అనే మాట లేదు కాబట్టి ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం.

ఫిర్యాదులో రాయకూడనిది కూడా ఒకటుంది. మీ తమ్ముడి దగ్గర మొత్తం ఎన్ని కాయిన్లున్నాయో, ఏ వాలెట్‌లో ఉన్నాయో రాయొద్దు. సున్నితమైన కొన్ని నేరాలు మినహాయిస్తే, ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. రేపు నిందితులు దొరికితే చార్జిషీటు ప్రతులన్నీ వాళ్ల చేతికే వెళ్తాయి. స్టేటస్‌లో పెట్టి తప్పు చేశాడని బాధపడుతూ అదే సంగతి పోలీసు వెబ్‌సైట్‌కి ఎక్కిస్తే ఎలా? 308 రుజువు కావడానికి అడిగిన మొత్తం చాలు, ఉన్న మొత్తంతో పని లేదు. సీడ్ ఫ్రేజ్, అంటే వాలెట్‌ను తిరిగి తెరిచే ఆ 12 లేదా 24 పదాలు, ఎవరికీ చెప్పకూడదు. దర్యాప్తు అధికారికైనా సరే.

డబ్బు పంపమని వాళ్లేదైనా వాలెట్ చిరునామా ఇచ్చి ఉంటే, కేసులో అంతకన్నా విలువైన ఆధారం లేదు. ట్రాన్ అనే క్రిప్టో నెట్‌వర్క్‌లో అయితే అది 'టి' అక్షరంతో మొదలై 34 అక్షరాలుంటుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం మారితే చిరునామాయే మారిపోతుంది. చేత్తో రాసి ఇస్తే స్టేషన్‌లో టైపు చేసేటప్పుడు తప్పకుండా ఎక్కడో పొరపాటు పడుతుంది. విడిగా ప్రింటు తీసి జత చేయండి, పెన్‌డ్రైవ్‌లోనూ ఇవ్వండి. ఆ చిరునామా నుంచి సొమ్ము ఏ ఎక్స్ఛేంజీకి చేరుతోందో బ్లాక్‌చెయిన్‌లో, అంటే క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే చిట్టాలో కనబడుతుంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 కింద పోలీసులు నోటీసిచ్చి ఆ ఖాతాదారుడి కేవైసీ తెప్పించుకోవచ్చు.

ఎక్కడ ఇవ్వాలి? మెసేజ్‌లు అందుకున్నది మీ తమ్ముడు కాబట్టి హైదరాబాద్‌లో అతని స్టేషన్ మంచిది. 'మా పరిధి కాదు' అంటే సెక్షన్ 173 కింద జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్ అడగండి. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, అయితే 3 రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. నిరాకరిస్తే డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అదీ కాకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరకు. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని మీరు ఊళ్లోని స్టేషన్‌కు వెళ్లి, అమ్మానాన్నల ఇంటి వైపు గస్తీ వేయమని లిఖితపూర్వకంగా అడగండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు గానీ, అది ప్రధానంగా పోయిన డబ్బును దారిలో ఆపడానికి ఉన్నది. ఇంకా పంపలేదు కాబట్టి మీకు ముందు స్టేషన్, ఎవరైనా ఇంటి దగ్గర తచ్చాడితే 112. ముప్పు ముదిరితే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీకి దరఖాస్తు పెట్టొచ్చు. 7 ఏళ్ల శిక్ష పడే నేరం కాబట్టి మీ కేసు అందులోకి వస్తుంది.

ఫోను ఫార్మాట్ చేయొద్దు, మార్చొద్దు. వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆన్‌లో ఉంటే వెంటనే ఆపండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, నంబరు పూర్తిగా కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేయండి. కోర్టులో ఇవి చెల్లాలంటే సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) సర్టిఫికెట్ కావాలి. దాని మొదటి భాగంలో సంతకం చేయాల్సింది ఫోను యజమానే.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. 2018లో సూరత్‌కు చెందిన ఒక బిల్డర్‌ను అపహరించి 200 బిట్‌కాయిన్లు లాక్కున్న కేసులో నిందితులు వీధి రౌడీలు కాదు. 2025 ఆగస్టులో అహ్మదాబాద్ ప్రత్యేక కోర్టు యావజ్జీవ శిక్ష వేసిన 14 మందిలో అమ్రేలీ జిల్లా మాజీ ఎస్పీ, ఒక మాజీ ఎమ్మెల్యే ఉన్నారు. అందుకే ఎవరైనా పోలీసులమంటూ వచ్చి 'మీ కాయిన్లు మా సేఫ్ వాలెట్‌లోకి పంపండి' అంటే ఒప్పుకోవద్దు. జప్తు అంటే కాగితం ఉండాలి, పంచనామా ఉండాలి, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 ప్రకారం వీడియో తీయాలి. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని 'డిజిటల్ అరెస్ట్' అనేవాడు ఎవడైనా మోసగాడే. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు.

పోస్టుల సంగతి. వాటిని ముందు సేవ్ చేసుకుని, తర్వాత తీసేయమనండి. 'అన్నీ అమ్మేశాను' అని కొత్త పోస్టు మాత్రం పెట్టొద్దనండి. చేతిలో నగదు ఉందని చెప్పినట్టే అవుతుంది. ఒక ట్రాన్సాక్షన్ స్క్రీన్‌షాట్‌లో 0.48217305 అని 8 దశాంశాల దాకా అంకె, తేదీ, నిమిషం కనబడ్డాయనుకోండి. బ్లాక్‌చెయిన్ అందరికీ తెరిచిన లెడ్జరు. ఆ అంకె వేసి వెతికితే చిరునామా దొరుకుతుంది, చిరునామా దొరికితే అందులో ఇవాళ ఎంతుందో కూడా తెలుస్తుంది. పోస్టు తీసేసినా ఇది పోదు. అలాంటి స్క్రీన్‌షాట్ బయటికి వెళ్లి ఉంటే కాయిన్లను కొత్త సీడ్‌తో కొత్త వాలెట్‌కు మార్చాలి. అయితే ఆ బదిలీ కూడా లెడ్జరులో కనబడుతుంది కాబట్టి అన్నీ ఒక్క దెబ్బలో ఒకే చిరునామాకు పంపితే ప్రయోజనం తక్కువ.

తన వివరాలు బయటకు వచ్చినందుకు ఎవరి మీదైనా దావా వేయొచ్చా అని మీ తమ్ముడు అడగొచ్చు. తనంతట తానే బహిరంగం చేసిన సమాచారానికి 2023 డేటా రక్షణ చట్టం వర్తించదని సెక్షన్ 3లోనే ఉంది. కంపెనీ నుంచి లీకయితే కథ వేరు. లెడ్జర్ అనే ఫ్రెంచి వాలెట్ కంపెనీ నుంచి 2020లో దొంగిలించిన సుమారు 2,72,000 మంది కొనుగోలుదార్ల పేర్లు, ఇళ్ల చిరునామాలు బయటికొచ్చాయి. కాయిన్‌బేస్ అనే అమెరికా క్రిప్టో ఎక్స్ఛేంజీ కస్టమర్ల వివరాలను విదేశీ సపోర్టు సిబ్బందికి లంచాలిచ్చి లాగారని 2025 మేలో ఆ సంస్థే చెప్పింది. ఆ వ్యవహారంలో ఒక మాజీ ఏజెంటును హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారని డిసెంబరులో దాని సీఈఓ ప్రకటించాడు. అలాంటి ఉద్యోగి మీద, ఒప్పందాన్ని మీరి వ్యక్తిగత వివరాలు బయటపెట్టినందుకు, ఐటీ చట్టం సెక్షన్ 72ఏ ఉంటుంది.

కాయిన్లు ఒక్క ఫోనులో, ఒక్క వేలిముద్రతో కదిలేలా ఉండకూడదు. మూడు తాళాల్లో రెండు ఉంటేనే తెరుచుకునే మల్టీసిగ్ వాలెట్ పెట్టుకుని, ఒకటి అతని దగ్గర, ఒకటి మీ బ్యాంకు లాకర్లో, ఒకటి మరో ఊళ్లో ఉంచొచ్చు. ఎక్స్ఛేంజీ ఖాతాలో విత్‌డ్రాయల్ వైట్‌లిస్టు, అంటే ముందే ఆమోదించిన చిరునామాలకే కాయిన్లు వెళ్లే ఏర్పాటు పెట్టి, కొత్త చిరునామాకు 24 గంటల ఆలస్యం ఉండేలా సెట్ చేసుకోవచ్చు. కానీ ఇది సొమ్మును కాపాడినంతగా మనిషిని కాపాడదు. 'నా దగ్గర తాళం లేదు' అంటే కత్తి పట్టుకున్నవాడు నమ్మడు. 2025 జనవరిలో లెడ్జర్ సహ వ్యవస్థాపకుడిని ఫ్రాన్స్‌లో ఇంట్లోంచి ఎత్తుకెళ్లి వేలు కోశారు. కాబట్టి వెంటనే ఇచ్చేయగలిగే చిన్న వాలెట్ ఒకటి విడిగా ఉంచుకోవడం తెలివైన పని. యూఎస్‌డీటీ చేతికిచ్చి నగదు తీసుకునే బేరాలకు మాత్రం వెళ్లనివ్వొద్దు. ఒంటరిగా వెళ్లి దోపిడీకి గురవడం ఒక ప్రమాదమైతే, 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం పన్ను చట్టం కింద తప్పు.

దేవుడి దయవల్ల అవసరం రాకూడదు గానీ, ఎదురుపడి కత్తి చూపిస్తే ఇచ్చేయమనండి. ఎదురుగా నిలబడి భయపెట్టి అక్కడికక్కడే లాక్కుంటే అది న్యాయ సంహిత సెక్షన్ 309 కింద దోపిడీ, 10 ఏళ్ల వరకు జైలు. ఐదుగురు కలిస్తే 310, యావజ్జీవం దాకా. ఎత్తుకెళ్లి డబ్బడిగితే 140(2), ఉరిశిక్ష దాకా. 'వాడే తన వేలితో పంపాడు' అన్న వాదన నిలవదు. బయటపడగానే 112, తర్వాత ట్రాన్సాక్షన్ ఐడీ, వెళ్లిన చిరునామా రాసుకోవాలి. పోయింది యూఎస్‌డీటీ అయితే గంటలు లెక్క. దర్యాప్తు సంస్థలు కోరితే దాన్ని జారీ చేసే టెథర్ కంపెనీ ఆ చిరునామాను స్తంభింపజేయగలదు. బిట్‌కాయిన్‌కు అలా ఆపే యజమాని లేడు. మన దగ్గర ఇంకో అలవాటుంది. కాయిన్లతో పాటు ప్రామిసరీ నోట్ల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకుంటారు, తర్వాత 'అప్పు తీర్చాడంతే' అంటారు. అది కూడా ఫిర్యాదులో రాయాలి. ఆ వారంలోనే బ్యాంకుకు స్టాప్ పేమెంటు, అవతలివాడికి లాయరు నోటీసు వెళ్లాలి. ఆలస్యమయ్యేకొద్దీ బలవంతం అన్న మాట బలహీనపడుతుంది.

చివరగా పన్ను. అమ్మకుండా ఉంచుకున్న కాయిన్ల మీద 30 శాతం పన్ను పడదు. అమ్మినవి, ఒకదాన్నిచ్చి మరొకటి మార్చుకున్నవి రిటర్నులో చూపాలి. చూపకపోయి ఉంటే అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన 48 నెలల వరకు, ఆలస్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం అదనపు పన్నుతో అప్‌డేటెడ్ రిటర్ను వేసుకునే వీలుంది. విదేశీ ఎక్స్ఛేంజీలో ఉంటే ఆ సంగతి సీఏకి తప్పకుండా చెప్పాలి. అతను పన్ను కట్టాడా లేదా అన్నది బెదిరించినవాడికి ఏ రక్షణా ఇవ్వదు, ఎఫ్ఐఆర్ రాయకపోవడానికి పోలీసులకు సాకూ కాదు. సీఏ దగ్గరకు వచ్చే వారం వెళ్లినా ఫర్వాలేదు, స్టేషన్‌కు మాత్రం ఇవాళే వెళ్లాలి.