కోరినవారు, పొందినవారు, దిక్కు వెతుక్కునేవారు

సందేహం: ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024లో శరణార్థులు 9 లక్షలకు తగ్గారని ఒక వార్తలో చదివాను. అదే వార్త చివర, ఉక్రెయిన్ శరణార్థులే అక్కడ 42 లక్షలకు పైగా ఉన్నారని రాశారు. మొత్తం కంటే అందులో భాగం ఎక్కువ ఎలా అవుతుంది? ఇది లెక్కలో తప్పా, మాటలో తప్పా? శరణార్థి, కాందిశీకుడు, నిర్వాసితుడు అనే మాటలకు తేడా ఉందా?

సమాధానం: రెండు అంకెలూ సరైనవే. చిక్కంతా ‘శరణార్థి’ అన్న మాటతో వచ్చింది. వేర్వేరు స్థితుల్లో ఉన్న మనుషులందరినీ ఆ ఒక్క మాటతో పిలిచేశారు.

ముందు ఆ మాటనే విప్పి చూద్దాం. శరణమంటే ఇల్లు అనీ, రక్షకుడు అనీ అమరకోశం రెండు అర్థాలు చెప్పింది. అర్థి అంటే కోరేవాడు. తలదాచుకోవడానికి ఇల్లు, కాపాడడానికి ఒక మనిషి కావాలని అడిగేవాడు శరణార్థి. వ్యుత్పత్తి ప్రకారం అతను ఇంకా అడుగుతున్నవాడే, అతనికి ఏదీ దొరకలేదు. వాడుక మాత్రం వేరే దారిలో వెళ్లింది. శరణార్థుల గురించి దేశాలు చేసుకున్న 1951 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఒక ప్రభుత్వం విచారించి, స్వదేశానికి తిరిగి వెళ్తే ఇతనికి జాతి వల్లనో, మతం వల్లనో, రాజకీయ అభిప్రాయం వల్లనో హింస ఎదురవుతుందన్న భయానికి తగిన ఆధారం ఉందని గుర్తించి హోదా ఇస్తే, అతన్నే మనం శరణార్థి అంటున్నాం. అంటే, కోరినవాడి పేరు పొందినవాడికి వెళ్లింది. పొందినవాడికి శరణాగతుడనే మాట దగ్గరగా ఉంటుంది గానీ, దాన్ని విభీషణుడి కథ, భక్తి సాహిత్యం ఎప్పుడో సొంతం చేసుకున్నాయి. రూఢిని వెనక్కి తిప్పడం ఎవరి వల్లా కాదు, ఆ అవసరమూ లేదు. హోదా పొందినవారిని శరణార్థులనే అందాం. అడిగి, జవాబు కోసం ఎదురుచూస్తున్నవారిని ‘ఆశ్రయం కోరినవారు’ అనో, ‘ఆశ్రయ దరఖాస్తుదారులు’ అనో తప్పకుండా విడదీసి రాయాలి.

మీరు చదివిన 9 లక్షలు ఈ రెండో వర్గం సంఖ్య. 2024లో ఐరోపా సమాఖ్య దేశాల్లో ఆశ్రయం కోసం తొలిసారి దరఖాస్తు చేసినవారు 9 లక్షల పైచిలుకు. 2023లో వారు 10 లక్షలు దాటారు. సిరియా యుద్ధం ఉధృతంగా ఉన్న 2015లో 12 లక్షల దాకా వెళ్లిన సంఖ్య, కోవిడ్ వల్ల సరిహద్దులు మూతపడిన 2020లో 4 లక్షల పైచిలుకుకు పడిపోయింది. ‘తొలిసారి’ అన్న మాటను వార్తల్లో తరచూ వదిలేస్తారు. అది ఉండాలి. ఒకసారి తిరస్కరించాక మళ్లీ దరఖాస్తు చేసినవారిని ఈ లెక్కలో కలపరు.

ఇంకో సంగతి. ఇవన్నీ ఆ ఏడాది కొత్తగా అడిగినవారి సంఖ్యలు, అక్కడ నివసిస్తున్నవారి సంఖ్యలు కావు. బడిలో ఈ ఏడాది చేరిన పిల్లలు వేరు, బడిలో ఉన్న పిల్లలు వేరు కదా. దరఖాస్తులు తగ్గాయని రాస్తే సరిపోయే చోట శరణార్థులు తగ్గారని రాస్తే, ఉన్నవారిలో కొందరు వెళ్లిపోయారన్న అర్థం వస్తుంది.

ఇక 42 లక్షల మంది. బోస్నియా, కొసోవో యుద్ధాల అనుభవంతో ఐరోపా సమాఖ్య 2001లో ‘తాత్కాలిక రక్షణ’ చట్టాన్ని తెచ్చింది. దాన్ని ఇరవయ్యేళ్లకు పైగా వాడనే లేదు. ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన ఎనిమిది రోజులకు, 2022 మార్చి 4న తొలిసారి అమలుచేసింది. ఇందులో ఒక్కొక్కరి కథను విని, రుజువులు అడిగి తేల్చే పద్ధతి లేదు. ఆ యుద్ధం వల్ల వచ్చిన సమూహానికంతటికీ నివాసం, పని, చదువు, వైద్యం హక్కులుగా ఇస్తారు. ఆశ్రయానికి దరఖాస్తు చేయకుండానే రక్షణ దొరికింది కాబట్టి వీరిలో ఎక్కువమంది ఆ 9 లక్షల్లో కనిపించరు. జర్మనీ, పోలండ్, చెక్ రిపబ్లిక్‌లలో వీరు ఎక్కువ. వీరిని ‘తాత్కాలిక రక్షణ పొందినవారు’ అనాలి.

తాత్కాలికమంటే కొద్ది రోజులదని మనకు అలవాటైన అర్థం. మూలంలో అది ‘ఆ కాలానికి చెందినది’ మాత్రమే. మొదట ఏడాదికని ఇచ్చిన ఈ రక్షణను పొడిగిస్తూ 2027 మార్చి 4 దాకా తెచ్చారు. యుద్ధం ఎంతకాలమో ఈ తాత్కాలికం అంతకాలం సాగుతోంది. ఆ ఇళ్లల్లో పుట్టిన పిల్లలు బడి ఈడుకు వస్తున్నారు.

కాందిశీకుడి గురించి అడిగినందుకు సంతోషించాను. ఇప్పటి వార్తల్లో ఆ మాట అరుదైపోయింది. ‘కాం దిశం’ అంటే ఏ దిక్కుకు అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు. ఈ మాటలో హోదా లేదు, దరఖాస్తు లేదు, భయమూ పరుగూ ఉన్నాయి. తెలుగులో దిక్కుకు ఇంకో అర్థం ఉంది. ‘నీవే దిక్కు’ అన్నా, ‘దిక్కులేనివాడు’ అన్నా ఆ దిక్కు కాపాడే మనిషి. ఏ దిక్కు అని అడుగుతున్నవాడు దారినీ అడుగుతున్నాడు, ఆదుకునేవారినీ అడుగుతున్నాడు. శరణానికి ఇల్లు, రక్షకుడు అని రెండర్థాలున్నట్టే ఇదీ. సరిహద్దు దాటుతున్న క్షణంలో ఉన్న మనిషికి ఇంతకంటే సరైన పేరు నాకు కనిపించదు. గణాంకాల పట్టికకు ఇది కుదరదు, మనిషి కథ రాసేటప్పుడు వాడండి.

నిర్వాసితుడంటే నివాసం నుంచి వెళ్లగొట్టబడినవాడు. అతను సరిహద్దు దాటాడా లేదా అన్నది ఆ మాట చెప్పదు. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధం వల్ల, అంతకు ముందటి ఘర్షణల వల్ల ఇళ్లు విడిచి స్వదేశంలోనే చెదిరిపోయినవారు కలిపి ఒక దశలో కోటి దాటారు. వారు నిర్వాసితులే, శరణార్థులు కారు. ‘అక్రమ వలసదారు’ అన్నది మాత్రం ఆశ్రయం కోరినవారికి అంటగట్టకూడని మాట. ప్రాణభయంతో నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందు నిలబడి తగిన కారణం చెప్పుకున్నవారిని అనుమతి లేకుండా ప్రవేశించారని శిక్షించకూడదని జెనీవా ఒప్పందంలోని 31వ అధికరణమే చెబుతోంది. వెల్లువ, తాకిడి, పోటు అన్న మాటలు కూడా నాకు బాధ కలిగిస్తాయి. వరద వస్తుందంటే ఎవరైనా గట్టు కడతారు. ఆ మాటతో మొదలైన వార్తలో మనిషి గోడు వినిపించదు.

మీరు చదివిన వార్తను నేనైతే ఇలా రాస్తాను: ‘ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024లో తొలిసారి ఆశ్రయం కోరినవారు అంతకు ముందు ఏడాది కంటే తగ్గి, 9 లక్షల పైచిలుకుగా నమోదయ్యారు. వీరు కాక, ఉక్రెయిన్ యుద్ధం వల్ల వచ్చి తాత్కాలిక రక్షణలో ఉన్నవారు ఆ ఏడాది చివరికి 42 లక్షలకు పైగా ఉన్నారు.’